తిప్పి పంపిన చారు

చలికాలం మొదలైందంటే పాస్టరు గోట్‌హిల్ఫ్ రీగర్ పొద్దున్నే చేసే పని ఒకటుంది. బార్లీ జావ తాగి, ఎండిన బేరికాయ ముక్కలు రెండు జేబులో వేసుకుని, జానకో ముడి వేసిన తాడు భుజాన తగిలించుకుని ఊరి పైనున్న రైతులచేనికి వెళ్తాడు. అక్కడ మంచు పడని చోట్లు లెక్కపెడతాడు.

మూడు వందల ఏళ్ళ కిందట దొర మీద తిరగబడ్డ రైతులు ఆ చేలోనే పడిపోయారు. పడిన చోట మంచు నిలవదు. చుట్టూ మోకాలి లోతు తెల్లగా ఉంటే, మధ్యలో మనిషి ఆకారాన నల్లమట్టి. ఒకడు వెల్లకిలా, ఒకడు ముడుచుకుని, ఇద్దరు చేతులు పట్టుకుని. మొత్తం నూట పదిహేడు. మా ఊళ్ళో బళ్ళు ఆ చేను చుట్టూ తిరిగి పోతాయి, అంతే. చిన్నప్పుడు మా అమ్మ నన్ను అటు ఆడుకోనిచ్చేది కాదు, బూట్లకు మట్టి అంటుతుందని.

పాస్టరు ఆ రైతుల చరిత్ర రాస్తున్నాడు. రాస్తూ రాస్తూ ఉండగానే మాంసం మానేశాడు. ఆ మనుషుల్ని కంచెకు తోలి పశువుల్లా నరికారని పాత కాగితాల్లో చదివిన రోజు రాత్రి భోజనంలో చాకు కింద పెట్టేశాడు. అది జరిగి ఆరేళ్ళు. పప్పు, రొట్టె, మజ్జిగ, ఆపిల్ పళ్ళు. జనం ముందు నవ్వారు. "అయ్యగారొస్తున్నారు, క్యాబేజీ మడి దాచెయ్యండి" అనేవాళ్ళు. తర్వాత అలవాటు పడ్డారు.

ఒక్క సంగతి మాత్రం ఆయనకు తెలియదు.

పందిని కోసిన ప్రతి ఇంటివాళ్ళూ, పేగుల్లో మాంసం కూరి ఉడికించిన నీళ్ళతో చారు కాచి, మొదటి కుండ పాస్టరింటికి పంపుతారు. కుండ ఖాళీగా, కడిగి తిరిగి రావాలి. తాను మాంసం మానేయడంతో ఊరు పంపడం మానేసిందని పాస్టరు అనుకున్నాడు. కుండలు పెరటి తలుపుకు వచ్చేవి. ఆయన భార్య రోసీనె వంటింట్లో నిలబడే చారంతా తాగి, ముక్కలు నమిలి మింగి, కుండ కడిగి, అందులో ఒక ఆపిల్ పండు వేసి పంపేది. ఏడాదికి ఇరవై మూడు కుండలు. ఆమెకూ ఆ రుచి ఇష్టం లేదు. తర్వాత పుదీనా ఆకులు నమిలేది.

ఆ ఏడు నవంబరులో, ఊరి పొయ్యిలో రొట్టెలు కాల్చే వంతు రోసీనెది. ఆమె అక్కడుండగా ఊరిపెద్ద హాఫ్నర్ భార్య బార్బెల్ కుండతో పెరట్లోకి వచ్చింది. తలుపు పాస్టరే తీశాడు.

"అమ్మగారు లేరా?" అంది బార్బెల్, కుండను శాలువా చాటుకు తీసుకుంటూ.

"రొట్టెల దగ్గరుంది. ఏమిటమ్మా అది? వాసన తెలుస్తోందిలే. మీ ప్రేమ నాకు ముట్టింది. కానీ ఈ ఇంట్లో ఇది ఎవరూ తినరు. తీసుకెళ్ళి ఇంటిల్లిపాదీ తాగండి."

ఆమె కదల్లేదు. ఆయన తానే కుండ మీద మూత సరిచేసి, ఆమెను గేటు దాకా సాగనంపాడు.

ఆ రాత్రంతా మంచు పడింది. పొద్దున చేని నుంచి తిరిగి వచ్చి పాస్టరు బూట్లు విప్పుతూ అన్నాడు: "తప్పు లెక్కపెట్టాను. రెండుసార్లు నూట పద్దెనిమిది వచ్చింది."

రోసీనె చేతిలో గరిటె ఆగింది. "కొత్తది ఎలా ఉంది?"

"పొట్టిది. ఆరు ముడులు, ఆపైన కొంచెం. ఎడమ భుజం కిందికి దిగి."

ఊళ్ళో ఎడమ భుజం కిందికి దిగిన మనిషి ఒక్కడే. రోసీనె కుర్చీలో కూర్చుంది.

"నిన్న ఎవరైనా కుండ తెచ్చారా?"

"బార్బెల్. మర్యాదగానే తిప్పి పంపాను."

అప్పుడు చెప్పింది ఆమె. ఇన్నేళ్ళుగా తాగిన కుండల సంగతీ, అది ఎందుకు మొదలుపెట్టిందీ. "మొదటి ఏడాది ఆఖరుగా వచ్చిన ఊర్సెల్ వాళ్ళ కుండ తిప్పి పంపారు, గుర్తుందా? మంచు కరిగిన రోజున ఆమె మొగుడు కళ్ళం దగ్గర కూలిపోయాడు. మరుసటి ఏడు మొదటి కుండ వచ్చేసరికి నేను తలుపు దగ్గరున్నాను."

ఆయన లోపలికి వెళ్ళి పాత లెక్కల పుస్తకం తీశాడు. ఆ ఏటి గడిలో నూట పద్దెనిమిది అని ఉంది. పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం, తన చేతిదే. మరుసటి ఏడు మళ్ళీ నూట పదిహేడే. తర్వాత తన చరిత్రలో మూడో అధ్యాయం తెరిచాడు. యుద్ధం రోజు పొద్దున రైతులు తమకున్న ఆఖరి చారు కుండ చర్చి ఇంటికి పంపారు. దొరకు భయపడి అప్పటి ఫాదరు తిప్పి పంపి తలుపేసుకున్నాడు. మధ్యాహ్నానికి అందరూ పోయారు. ఇదంతా ఆయనే రాశాడు. అందమైన అధ్యాయమని మెచ్చుకుంటూ శుద్ధప్రతి రాసింది రోసీనె.

"ఇది రాస్తున్నప్పుడు నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తినేవారు. తిని ఏడ్చేవారు. నేనైతే తిని ఊరుకుంటాను కదా."

హాఫ్నర్ మధ్యాహ్నం వచ్చాడు. చేతిలో అదే కుండ. నేలమాళిగలో గడ్డకట్టిన చారును మళ్ళీ కాచినట్టున్నారు, ఆవిరి వస్తోంది. టోపీ తీయడం మర్చిపోయాడు.

"చూసొచ్చాను అయ్యగారూ. పడుకుని కూడా చూశాను. నా చొక్కా కొలిచి కుట్టినా అంత సరిగ్గా రాదు."

"కూర్చో యోర్గ్."

"కూర్చోలేను. మా ఆవిడ బండిలో ఏడుస్తోంది. మా చిన్నదానికి ఈస్టరుకు పెళ్ళి." కుండ బల్ల మీద పెట్టాడు. "మీ క్యాబేజీల మీద నేను వేసిన జోకులన్నీ వెనక్కి తీసుకుంటాను. కొన్ని బాగున్నాయిలెండి, అయినా సరే."

"నేను తాగుతాను, ఇలా ఇవ్వు," అంది రోసీనె.

"తిప్పి పంపిన చెయ్యే తీసుకోవాలమ్మగారూ. మా తాత అలాగే చెప్పేవాడు."

పాస్టరు కుండ మూత తీశాడు. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం కోతకు తెచ్చిన జంతువు కళ్ళ గురించి, అది అరిచిన అరుపు గురించి ఊరికి చెప్పినవాడు. "దీని ప్రాణం ఎలాగూ పోయింది," అన్నాడు చివరికి. "దీనికి తోడు ఇంకొకటి వద్దు." చెంచా తీసుకున్నాడు. అడుగు కనిపించే దాకా తిన్నాడు. హాఫ్నర్ ఖాళీ కుండను గుండెకు హత్తుకుని, టోపీ ఇప్పుడు తీసి, వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగే దాకా పాస్టరు ఓపిక పట్టాడు. తర్వాత కట్టెల గోడ వెనక్కి పరుగెత్తాడు. ఆరేళ్ళుగా మాంసం ఎరగని కడుపు ఆ తిండిని ఉంచుకోలేదు. అంతా బయటికొచ్చింది. రోసీనె వెంట వెళ్ళి, ఆయన నుదురు పట్టుకుని, తర్వాత కాలితో దాని మీదికి మంచు తోసింది.

మర్నాడు తెల్లవారాక ఇద్దరూ కలిసే వెళ్ళారు. భుజం దిగిన చోటు తెల్లగా పూడిపోయింది. కంచె పక్కన కొత్తది. సన్నగా, పొడుగ్గా, కుడి చెయ్యి ఏదో పట్టుకున్నట్టు ముందుకు చాపి.

ఆయన తాడు వేసి కొలిచాడు. ఎనిమిది ముడులు. తన పొడవెంతో ఆయనకు తెలుసు.

"ఊర్సెల్ మొగుడు మంచు కరిగే దాకా ఉన్నాడన్నావు కదా?"

"ఊఁ."

"రాయాల్సినవి ఇంకా మూడు అధ్యాయాలున్నాయి," అన్నాడు, తాడు చుట్టుకుంటూ. ఇంటికొచ్చి పుస్తకంలో నూట పద్దెనిమిది వేశాడు. ఈసారి ప్రశ్నార్థకం పెట్టలేదు.

ఆ చలికాలం ఆయన రాస్తూనే ఉన్నాడు. ఒకసారి తలెత్తి, "మూడో అధ్యాయంలో ఫాదరును రాతిగుండె వాడన్నాను కదా, ఆ మాట కొట్టెయ్," అన్నాడు. రోసీనె కొట్టేసింది.

మార్చిలో ఎండ తిరిగింది. రోసీనె గంప తీసుకుని, నీడ పడే వాగులోంచి మంచు తెచ్చి కంచె పక్క ఖాళీ చుట్టూ పోయడం మొదలుపెట్టింది. మూడో రోజు హాఫ్నర్ బండి కట్టుకుని వచ్చాడు, ఏమీ అడక్కుండా పార తీసుకున్నాడు. తర్వాత బార్బెల్ పాలబిందెలతో వచ్చింది. ఊర్సెల్ కూడా వచ్చింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈస్టరు వచ్చింది, హాఫ్నర్ కూతురి పెళ్ళి అయింది. చేలన్నీ పచ్చబడ్డాయి. కంచె పక్కన మాత్రం మంచం వేసినంత మేర తెల్లగా ఉండేది. పెళ్ళివాళ్ళు బళ్ళు చుట్టూ తిప్పుకుని పోయారు.

మే నెల మొదటి వారంలో వాగులో మంచు కూడా అయిపోయింది, కంచె పక్కన తెలుపు గుప్పెడే మిగిలింది. ఆ సాయంత్రం రోసీనె ఖాళీ గంప పెరట్లో బోర్లించి, లోపలికొచ్చి, బల్లకు ఇటువైపు కూర్చుని శుద్ధప్రతి అందుకుంది. అటువైపు ఆయన ఆఖరి వాక్యం రాసి, సిరా ఆరడానికి దాని మీద ఇసుక చల్లి, ఊది, కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. కలం తుడిచి పక్కన పెట్టాడు.

ఎప్పుడో మంచంతా కరిగి ఎండిపోయిన చూరు నుంచి, రాతి మెట్టు మీద ఒక చుక్క పడింది.

రోసీనె తల ఎత్తలేదు. ఆమెకింకా ఒక పేజీ ఉంది.