గంటా పది నిమిషాల దూరం

"పట్టీ ఏదండీ?" అంది భార్య, విమానం గేటు ముందు కూర్చున్న మొగుడి బోడి మణికట్టు చూసి.

"కత్తిరించేశాను" అన్నాడు వాచీల మెకానిక్, తల వంచుకునే.

తల ఎత్తకూడదు మరి! ఆరు రోజుల క్రితమే కుడికంట్లో ఊడిన పొరను అతికించి, అది కదలకుండా లోపల గ్యాస్ బుడగ పెట్టారు. తల వంచి ఉంచితేనే బుడగ పొరను నొక్కి పట్టుకుంటుంది. బుడగ కరిగేలోపు విమానం ఎక్కితే అది ఉబ్బి చూపు పోతుందని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. విమానం ఎక్కనివ్వొద్దని రాసిన పట్టీ కూడా చేతికి కట్టింది. ఎడమకన్ను చిన్నప్పటినుంచీ మసకే. ఇదీ పోతే కొట్టుకు తాళం వేసుకోవడమే.

"డాక్టరమ్మ పర్లేదందన్నారుగా?"

"అడిగితే ఒప్పుకుంటుందా? గంటా పది నిమిషాలే కదే! ఆ కాస్తలో ఏం ఉబ్బుతుంది?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పైకి లేచాక గంటైతేనేం, పది గంటలైతేనేం? కానీ ఏమంటుంది పాపం! అవతలి ఊళ్లో అతని చెల్లెలికి సాయంత్రం గుండె ఆపరేషన్. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. లోపలికి వెళ్లేముందు అన్నయ్యని చూడాలని పొద్దున ఫోన్లో ఏడ్చింది. కారులో వెళ్తే అర్ధరాత్రి దాటుతుంది.

పైగా వదినా ఆడపడుచుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని చుట్టాలందరికీ తెలుసు. ఇప్పుడు ఆపితే, చివరిచూపు దక్కనివ్వలేదని జన్మంతా దెప్పుతారు. చుట్టాల దాకా ఎందుకు, మొగుడే అంటాడు.

గేటు తెరిచారు. అతను లేచి వరసలో నిలబడ్డాడు. ఆమె అంటే అననీ అనుకుని, జనాన్ని తోసుకుంటూ వెళ్లి, టికెట్లు చూసే అమ్మాయి ముందు నిలబడింది.

"ఈయన కంట్లో గ్యాస్ ఉందమ్మా. ఎక్కనివ్వకండి."

అందరూ తిరిగి చూశారు. అతను బతిమాలాడు, అబద్ధమన్నాడు, అరిచాడు. ఆ అమ్మాయి వల్లకాదంది. విమానం వెళ్లిపోయింది.

"నీ కడుపుమంట చల్లారిందా?" అన్నాడతను.

ఆ మాట వస్తుందని తెలిసినా, వచ్చాక చచ్చిపోవాలనిపించింది ఆమెకు. కన్నీళ్లు దిగమింగి కారు మాట్లాడింది. వెనక సీట్లో ఆమె పక్కనే అతను మోకాళ్ల మీద నుదురు ఆనించి కూర్చున్నాడు. నాలుగైదు ఊళ్లు దాటారు.

ఫోన్ మోగింది. ఆడపడుచే! ఆమె స్పీకర్ నొక్కింది. "విమానం ఎక్కితే కన్ను పోతుందని నేనే ఆపానమ్మా. తిట్టాలంటే నన్ను తిట్టు."

"మంచిపని చేశావు వదినా" అంది అవతలి గొంతు, ఆయాసపడుతూ. "అన్నయ్యా! గుడ్డివాడివై వచ్చి నన్నేం చూస్తావు? బుద్ధి లేదూ? వదిన మాట విను."

అవతల ఆమెను ఎవరో పిలిచారు. ఫోన్ ఆగిపోయింది.

"అంతేనా?" అన్నాడతను.

"ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నట్టున్నారండీ."

"అది నన్ను తిట్టడం మొదలెడితే పూట గడిచినా ఆపదే! నాలుగు ముక్కలకే ఆగిపోయిందేంటే?"

అతని వీపు ఎగిరెగిరి పడింది. ఆమె ఆ వీపు మీద చెయ్యి వేసి, డ్రైవర్‌తో "కాస్త తొందరగా పోనివ్వు నాయనా" అంది. అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. తల మాత్రం ఎత్తలేదు.