కోర్డెల్ రాళ్ళ క్లాసు

మా మార్లో ఊరి జనాభా తొమ్మిది వేలు. కాలేజీ స్టేడియంలో సీట్లు పన్నెండు వేలు. కట్టేటప్పుడు ఈ లెక్కలో తేడా ఉందని ఎవరికీ అనిపించలేదు.

నా పేరు వర్లిన్ టాకెట్. కోర్టుకి ఎదురుగా ముప్ఫై ఒక్కేళ్ళుగా కటింగ్ షాపు నడుపుతున్నాను. ఊళ్ళో ఏం జరిగినా ముందు నా కుర్చీలోకి వస్తుంది.

ఆ ఏడు మా ప్రూయిట్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో మొదటి నాలుగు ఆటలూ గెలిచింది. గెలిచింది అంటే కోర్డెల్ ఫెయిర్లీ గెలిపించాడని అర్థం. బంతిని చంకలో ఇరికించుకుని వాడు పరుగందుకుంటే, పట్టుకోబోయినవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడేవాళ్ళు. పదకొండేళ్ళుగా మమ్మల్ని చితక్కొడుతున్న హాలోవెల్ కాలేజీ మీద నవంబరులో ఆఖరి ఆట ఉంది. ఈసారి వాళ్ళ పని అయిపోయిందని ఊరంతా అనుకున్నాం.

అక్టోబరులో కోర్డెల్‌కి భూగర్భశాస్త్రంలో నూటికి ముప్ఫై ఒకటి వచ్చాయి. పాసవ్వకపోతే ఆడనివ్వరు.

ఆ క్లాసులో వాణ్ణి చేర్పించింది కోచ్ డ్యూయీ స్ట్రిక్‌లండే. పాత మాస్టారు రాయికీ ఇటుకకీ తేడా చెప్పగలిగిన ఆటగాణ్ణల్లా పాస్ చేసేవాడు. ఆయన వేసవిలో రిటైరైన సంగతి కోచ్‌కి ఎవరూ చెప్పలేదు. ఆయన చోట ఎక్కడో ఉత్తరాదిన ఉన్న మిన్నెసోటా నుంచి డాక్టర్ ఇంగ్రిడ్ సోల్బర్గ్ అనే ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, కాళ్ళకి మగాళ్ళ బూట్లు. ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. మా ఊళ్ళో అలాంటి మనిషిని చూడటం అదే మొదలు.

కోచ్ ఆవిడ దగ్గరికి వెళ్ళొచ్చి నా కుర్చీలో కూలబడ్డాడు.

"'మేడమ్, మావాడు ఆటకి రెండొందల గజాలు పరిగెత్తుతాడు' అన్నాను వర్లిన్. 'ఎటువైపు?' అని అడిగింది!"

"వెటకారమా?"

"కాదయ్యా. నిజంగానే తెలీకడిగింది. అదే నా బాధ."

తర్వాత కాలేజీ ప్రెసిడెంటే పెకాన్ పప్పుల తీపిరొట్టె పట్టుకుని వెళ్ళాడు. ఆవిడ రెండు ముక్కలు తిని, చాలా బాగుందని మెచ్చుకుని, పది రోజుల్లో మళ్ళీ పరీక్ష పెడతానంది. ఇరవై రాళ్ళు. పేరు చెప్పాలి, ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. అదృష్టం కొద్దీ మధ్యలో ఆట లేని శనివారం ఒకటి ఉంది.

ఇక ఊరు ఊరంతా చదువుకి కూర్చుంది. నా అద్దం కింద దువ్వెనలు తీసేసి రాళ్ళు పేర్చాను. గడ్డం గీయించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ కోర్డెల్‌ని నిలదీసేవాడు, "చెప్పరా, ఇది అగ్నిశిలా, అవక్షేపశిలా?" అని. హోటల్లో వడ్డించే డార్లా కాఫీతోపాటు పాలరాయి గురించి రెండు ముక్కలు పోసి వెళ్ళేది. కోర్టు మెట్లు సున్నపురాయా, ఇసుకరాయా అని ఇద్దరు లాయర్లు తగువుపడి, మెట్ల మీద వెనిగర్ పోసి చూశారు. బుడగలొచ్చాయి, అంటే సున్నపురాయే. ఓడినాయన వారం రోజులు మాట్లాడలేదు.

చిక్కంతా చర్చిలో వచ్చింది. డాక్టరమ్మ లెక్కన మా కింద ఉన్న రాయి వయసు నలభై ఐదు కోట్ల ఏళ్ళు. ఆదివారం పాస్టర్ ఎల్రాయ్ బిగ్స్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"భూమి పుట్టి ఆరువేల ఏళ్ళని మనకి తెలుసు. అయినా హాలోవెల్ ఆట అయ్యేదాకా ఆ అమ్మ చెప్పిన వయసే ఉండనిద్దాం."

అందరం ఆమెన్ అన్నాం. అందరికంటే గట్టిగా అన్నది కోచే.

కోర్డెల్‌కి ఎనభై ఎనిమిది వచ్చాయి. చర్చి గంట మోగించారు. ఆ తర్వాత వరసగా ఇంకో నాలుగు ఆటలు గెలిచాం.

కాని కుర్రాడిలో ఏదో మారింది. నేను ముందే కనిపెట్టాను. పరీక్ష అయిపోయింది కదాని అద్దం కింది రాళ్ళు తీసెయ్యబోతే, "ఉండనివ్వండి వర్లిన్ గారూ" అన్నాడు. ఒక ఆటలో ముగ్గురు మీద పడి వాణ్ణి నేలకి అదిమేశారు. లేచి బంతి రిఫరీకిచ్చాడు, మట్టిలోంచి ఏదో ఏరుకుని మేజోడులో దోపుకున్నాడు. నా పక్కనున్నవాళ్ళు పన్నూడిందేమో అనుకున్నారు.

హాలోవెల్ ఆటకి రెండు రోజుల ముందు కోచ్ నా దగ్గర గడ్డం గీయించుకుంటున్నాడు. పాస్టర్ బెంచీ మీద పేపరు చదువుతున్నాడు. కోర్డెల్ టోపీ తీసి లోపలికొచ్చాడు.

"కోచ్, శనివారం నేను రావట్లేదు."

"ఎక్కడికి?"

"ఆటకి."

నా కత్తి కోచ్ గొంతు మీదుంది. భయమేసి తీసేశాను.

"కాలు నొప్పా నాయనా?"

"కాదు కోచ్."

"మరి? మీవాళ్ళెవరైనా పోయారా?"

"పోయారు గాని మావాళ్ళు కాదు. నలభై ఐదు కోట్ల ఏళ్ళ కిందట."

విషయం ఏమిటంటే, హైవే వెడల్పు చేస్తూ కొండని కోశారు. ఆ కోతలో ఒకప్పటి సముద్రపు జీవాలు రాయిలో అచ్చుగుద్దినట్టు బయటపడ్డాయి. మొదట చూసింది కోర్డెలే. సోమవారం గోడంతా కాంక్రీటు పోసేస్తారు. డాక్టరమ్మ ప్రాధేయపడితే రోడ్డువాళ్ళు శనివారం ఒక్కరోజు లోపలికి రానిస్తామన్నారు.

"ఒరేయ్, అన్ని కోట్ల ఏళ్ళు ఆగినవి ఇంకో వారం ఆగలేవా?"

"అవి ఆగుతాయి కోచ్. కాంక్రీటు ఆగదు. హాలోవెల్ వచ్చే ఏడు కూడా ఉంటుంది."

పాస్టర్ పేపరు మడిచాడు. "బాబూ, పరీక్ష అయిపోయిందిగా. ఆ కోట్ల లెక్క ఇంక వదిలెయ్యొచ్చు."

"మీరంతా కలిసే కదండీ నేర్పించారు" అన్నాడు కోర్డెల్. వాడి గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు.

సగం మొహానికి నురగతోనే కోచ్ లేచి వెళ్ళిపోయాడు.

శనివారం మూడుకి ముప్ఫై నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. కోర్డెల్ బదులు దిగిన కుర్రాడు మొదటి సగంలోనే నాలుగుసార్లు బంతి జారవిడిచాడు. ఆ సాయంత్రం ఎవడో డాక్టరమ్మ ఉత్తరాల పెట్టె విరగ్గొట్టాడు. నేను చెయ్యి వెయ్యలేదు గాని, చేసిందెవరో తెలిసి కూడా వాడికి యథాప్రకారం జుట్టు కత్తిరించాను. ఆటగాళ్ళ ఏకాగ్రత దెబ్బతినకుండా ఇకమీదట వాళ్ళెవరూ భూగర్భశాస్త్రం తీసుకోరాదని ప్రెసిడెంటు రూలు పెట్టాడు. కోర్డెల్ జట్టులోంచి తప్పుకుని ఆ క్లాసులోనే ఉండిపోయాడు.

జనవరిలో వాడు కటింగ్‌కి వచ్చాడు. గుడ్డ కప్పి కత్తిరించడం మొదలుపెట్టాను.

"నేనుంటే గెలిచేవాళ్ళమా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పాలనిపించింది గాని నోరు రాలేదు. "గెలిచేవాళ్ళం" అన్నాను.

"నాకూ అలాగే అనిపించింది. నాలుగు రోజులు నిద్రపట్టలేదు." "అయినా మళ్ళీ అలాంటి రోజొస్తే ఆ కొండ దగ్గరికే వెళ్తాను వర్లిన్ గారూ" అన్నాడు.

అంతలో కోచ్ వచ్చాడు. వాణ్ణి చూసి గుమ్మంలో ఆగాడు, తర్వాత మెల్లగా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. అద్దంలో ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు.

"ఆ తవ్వి తీసినవి ఎక్కడ పెట్టార్రా?" అన్నాడు కోచ్, తన గడ్డాన్నే చూసుకుంటూ.

"లైబ్రరీ పక్క గదిలో, కోచ్."

"ఎవరైనా చూడొచ్చా?"

"చూడొచ్చు. శనివారాలు మాత్రం తెరవరు."

"ఏం?"

"శనివారమంటే ఆట రోజని."

కోచ్ తలూపాడు. "సరే, మంగళవారం వస్తా" అన్నాడు.