ఒకటి కొడితే ఊరకే రా

నేను ఒక పాటల కమ్మీని. తల వెనకగా వంపు తిరిగి, రెండు కొసలూ చెవుల ముందున్న ఎముక మీద ఆనించి కూర్చుంటాను. పెట్టె మీద నా పేరు పొడుగ్గా ఉండేది. చూసినవాళ్లందరూ హెడ్‌ఫోన్ అన్నారు. సరే అని ఊరుకున్నాను.

నా పని చిన్నది. పాటను చెవిలో పొయ్యను. ఎముకకు అందిస్తాను, అది లోపలికి చేరవేస్తుంది. చెవి తలుపు తెరిచే ఉంటుంది. పాట ఒక దారిన వస్తుంది, లోకం ఇంకో దారిన వస్తుంది. మనుషులకు రెండూ కావాలి. ఏది వదలాలో తేల్చుకోలేకే నన్ను చేసుకున్నారనుకుంటాను.

పుట్టింది ఎక్కడో కార్ఖానాలో. ఎవరివో వేళ్లు నన్ను సాగదీసి వదిలి, మళ్లీ నా వంపుకు నేను వచ్చానో లేదో చూసి పెట్టెలో పెట్టాయి. నా పక్కన రెండు మెత్తటి బిరడాలు కూడా పెట్టారు, చెవులు మూసుకోవడానికి. చెవులు తెరిచి ఉంచే వస్తువుకు బిరడాలెందుకో నాకు అప్పుడు తెలియలేదు.

నన్ను మొదట కొన్నది హైమావతి. విశాఖపట్నంలో, పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి కాళ్లూ చేతులూ ఆడించే డాక్టరమ్మ. పొద్దున్నే బీచి రోడ్డులో పరిగెత్తేది. వెనక బస్సు మోత వినబడగానే పక్కకు తప్పుకునేది. ఆమె చెమట నా మీద ఉప్పులా ఎండేది. బిరడాల కవరు చింపనే లేదు.

ఆమె వెళ్లే ఇళ్లలో గాజువాకలో ఎర్రునాయుడు ఇల్లొకటి. లేతు మిషను మీద ముప్పయ్యారేళ్లు పనిచేసి దిగినవాడు. భార్య సన్యాసమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపూ పోయింది, మాటా పోయింది. ఎడమ చెయ్యి మిగిలింది. ఆ చేతిలో ఆయన ఒక స్టీలు చెంచా పెట్టాడు. ఇనప మంచం కమ్మీ మీద కొట్టాలి. మూడు కొడితే పక్కకు తిప్పాలి. రెండు కొడితే నీళ్లు. ఒకటి కొడితే పనేం లేదు, ఊరకే రా. నోరున్న రోజుల్లో కూడా వాళ్లిద్దరూ అంతకంటే ఎక్కువ మాట్లాడుకున్నట్టు ఎవరూ చెప్పలేదు.

ఆయనకు షుగరు. రోజూ నడవమన్నారు. నడవడు.

"కాలికి పుండు పడితే మానదు బాబాయ్" అంది హైమావతి ఒకరోజు.

"దీన్నొగ్గేసి ఎక్కడికెల్తానమ్మా? సెంచా కొడితే ఎవులింటారు?"

"మేడ మీదే నడవండి. ఇది పెట్టుకుంటే మీ నాటకాల పద్యాలు వినొచ్చు, పిన్ని కొట్టిందీ వినబడుతుంది. లేదంటారా, రెండో మంచం కొనండి. ఇద్దరికీ ఒకేసారి చేసి పోతాను."

అంటూ తన మెడలోంచి నన్ను తీసి ఆయన తలకు పెట్టింది. సన్యాసమ్మ నవ్వింది. మూతి ఒక పక్కకే కదిలింది. చెంచాతో ఒకటి కొట్టింది.

"సూడమ్మా, నన్ను తిట్టినోళ్లంటే దీనికి ఇష్టం" అన్నాడు ఎర్రునాయుడు.

అలా చేతులు మారాను. మర్నాటి నుంచి మేడ మీద నడక. పద్యం రాగం అందుకొని పైకి పోతుండగా కింద ఠంగుమనేది. పద్యాన్ని అక్కడే వదిలేసి దిగేవాడు. రెండు దెబ్బలకంటే, మూడు దెబ్బలకంటే, ఆ ఒక్క దెబ్బే ఎక్కువసార్లు వచ్చేది. "పన్లేదు పాట్లేదు, ఏటే నీ గోల?" అని విసుక్కునేవాడు. విసుగు నోటిదే. మెట్లు మాత్రం రెండేసి దిగేవాడు. దిగి మంచం పక్కన కాసేపు కూర్చునేవాడు. మళ్లీ ఎక్కేవాడు.

అలా ఏడు నెలలు. షుగరు దిగింది. ఒక్క పద్యమైనా కొసాకా విన్నట్టు నాకు గుర్తు లేదు.

వీధిలో అమ్మవారి పండగ వచ్చింది. ఎదురు స్తంభానికి మైకు కట్టారు. పొద్దున్న ఏడింటికే అది మొదలుపెట్టింది. ఎర్రునాయుడు మేడ ఎక్కి రెండు చుట్లు తిరిగాడు. నా పద్యం ఆ మోతలో కొట్టుకుపోయింది. ఆయన చెయ్యి జేబులోకి పోయింది. లేతు షెడ్డులో ముప్పయ్యారేళ్ల అలవాటు. మోత ఎక్కువైతే చెవుల్లో దూది పెట్టుకోవడం. జేబులో దూది ఉండడం కూడా ఆ అలవాటే. ఉండ చేసి రెండు చెవుల్లోనూ పెట్టుకున్నాడు. ఆలోచించి పెట్టుకున్నది కాదు. చెయ్యి పెట్టేసింది.

పెట్టుకోగానే మైకు దూరమైంది. పద్యం మాత్రం బుర్ర నిండా గంటలా మోగింది. చెవి మూస్తే ఎముక పాట పెద్దదవుతుంది. బిరడాల సంగతి నాకు అప్పుడు తెలిసింది.

"ఓహో" అన్నాడు ఎర్రునాయుడు. కొసాకా విన్నాడు. ఇంకోటి విన్నాడు. కింద నుంచి పిలుపు లేదు. హాయిగా పడుకుందనుకున్నాడేమో. నలభై చుట్లు తిరిగాడు.

దిగేసరికి చెంచా నేల మీద ఉంది. ఎడమ చెయ్యి మంచం అంచు మీంచి వేలాడుతోంది. ఆయన ముందు నన్ను తీసి కింద పెట్టాడు. తర్వాత దూది తీశాడు. వీధిలో మైకు ఒకటే వినబడింది.

మంచం తలవైపు పక్కింటి రవణమ్మతో ఉమ్మడి గోడ. ఆయన కేకకు ఆవిడ పరుగున వచ్చి చూసి కూలబడింది.

"మా గోడ మోగతానే ఉందన్నియ్యా. ఒకటి... కాసేపాగి ఇంకోటి... మళ్లీ ఒకటి. నువ్వున్నావు గదా అని పనిలో ఉండిపోనాను. నీకినబడనేదేటి?"

ఎర్రునాయుడు గుప్పిట తెరిచాడు. రెండు దూది ఉండలు.

కర్మలయ్యాక హైమావతి వచ్చింది. ఆయన నన్ను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

"నేను ఇది ఇవ్వకపోయినా బాగుండేది బాబాయ్."

"దీని తప్పేటుందమ్మా. ఇది సెవులు తెరిసే ఉంచింది. దూది నాది."

ఆమె ఏడ్చింది. ఆయన ఏడవలేదు. మంచినీళ్లిచ్చాడు.

నన్ను ఆమె పట్టుకుపోలేదు. ఆయన ఆ ఇనప మంచం పైన గోడ మేకుకు తగిలించాడు. నాలో చార్జీ ఎప్పుడో అయిపోయింది, పెట్టేవాళ్లు లేరు. ఆయన ఇప్పుడూ నడుస్తాడు, సన్యాసమ్మ ఉన్నప్పటి వేళకే. ఉత్త చెవులతో. ప్రతి చుట్టుకూ మెట్ల దగ్గర అడుగుల చప్పుడు ఆగుతుంది. కాసేపటికి మళ్లీ మొదలవుతుంది.

మొన్న మధ్యాహ్నం చెంచా తీశాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. చెవి ముందు నేను ఆనే ఎముకనే మంచం కమ్మీకి ఆనించాడు. రెండు చెవులూ అరచేతుల్తో మూసుకుందామంటే చెంచాకు చెయ్యి కావాలి. ఒక చెవే మూసుకొని, రెండో చేత్తో కమ్మీ మీద కొట్టాడు.

ఒకటే.

నా పని ఆ కమ్మీ చేసింది. దెబ్బ ఎముకలోకి పోయింది. ఆయన కళ్లు మూసుకొని, అది పూర్తిగా ఆగేదాకా ఉన్నాడు.

"ఇదిగో, వచ్చేనే" అన్నాడు.