కెమెరా తిప్పండి, సత్యవేణి గారూ

చక్రధరం గారు హాజరు పిలుస్తున్నారు. మా చేయూత సంఘం ఆదివారం మీటింగు అది, ఫోన్లో జరిగేదే, కానీ ఇప్పుడు ఫోను ఎక్కడా లేదు, కల్యాణమండపం గోడంత పొడుగు గోడ ఒకటి ఉంది, దాని నిండా చిన్న చిన్న కిటికీలు, ఒక్కో కిటికీలో ఒక్కో మెంబరు భుజాల దాకా కనపడుతున్నారు, నేను మాత్రం కింద నేల మీద నిలబడి మెడ ఎత్తి వాళ్ళని చూస్తున్నాను. పేరు పిలిచినవాళ్ళు "కనపడుతున్నానా అండీ? వినపడుతున్నానా?" అంటున్నారు. కరోనా రోజుల్లో మీటింగు ఫోన్లోకి ఎక్కినప్పటి నుంచి మా మండపేట సంఘంలో హాజరు పలకడమంటే ఇదే, జబ్బు పోయినా మీటింగు ఫోన్లోంచి దిగలేదు, పైన ఇస్త్రీ చొక్కా కింద లుంగీతో కూర్చుని సమాజసేవ చెయ్యడానికి మావాళ్ళు అంతగా మరిగారు.

"సత్యవేణి గారూ," అని పిలుస్తారు ప్రెసిడెంటు చక్రధరం గారు.

సత్యవేణి పోయింది కదండీ, మీరే కదండీ దండ వేసింది అని అరవబోతాను, గొంతు పెగలదు, మెడ మీద చెయ్యి వేసి చూసుకుంటే అక్కడ ఎర్రటి గీత ఒకటి అడ్డంగా తగులుతుంది, మైకు బొమ్మ మీద ఉండే గీతే, గోకితే రావడం లేదు, తడి చేసి రుద్దినా రావడం లేదు, పైన అందరూ ఎవరి కిటికీలో వాళ్ళు టీ తాగుతూ ఎదురు చూస్తున్నారు, ఒక్కరికీ ఇందులో వింతేమీ ఉన్నట్టు లేదు. నేను మ్యూట్‌లో ఉన్నానని అప్పుడు తెలుస్తుంది.

గోడ చివర ఒక కిటికీ తెరుచుకుంటుంది. లోపల అంతా నలుపే.

"కనపడుతున్నానా?" అంటుంది సత్యవేణి గొంతు.

"మీరు ఎప్పుడు కనపడ్డారు గనక!" అని నవ్వుతారు చక్రధరం గారు. "కెమెరా తిప్పండి, సత్యవేణి గారూ."

అందరూ నవ్వుతారు. అది మా సంఘంలో పాత వేళాకోళం. ఫోనుకి ముందొక కెమెరా, వెనకొక కెమెరా ఉంటాయన్న సంగతి సత్యవేణికి చివరిదాకా ఒంటబట్టలేదు, ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుని బుద్ధిగా మాట్లాడేది, మాకు మాత్రం ఆమె ముఖానికి బదులు ఆమె చూస్తున్నవి కనపడేవి, పొయ్యి మీద ఉడుకుతున్న పులుసు, ఆమె గాజుల కొట్లో వేలాడే రిబ్బన్లు, ఎదురింటి అరుగు మీద పడుకున్న కుక్క, మేం వారం వారం ఆ కుక్కనే చూస్తూ రక్తదాన శిబిరాల గురించీ చలివేంద్రాల గురించీ చర్చించుకునేవాళ్ళం. నేను అందరికన్నా ఎక్కువ నవ్వేదాన్ని, ఎందుకంటే సత్యవేణి నా స్నేహితురాలు, ఏడిపించే హక్కు నాకే ఎక్కువ.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. తిప్పితే ముఖం కనపడుతుంది. ఆ ముఖంలో కళ్ళు ఉండవు, వాటిని ఇప్పించింది నేనే.

సంఘంలో నా పని అది. ఊళ్ళో ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్ళకి ఫోన్ చేసి, ఏడుస్తున్నవాళ్ళని ఒక్క నిమిషం ఆగమని, పోయినవాళ్ళ కళ్ళు ఇస్తారా అని అడగాలి, కొద్ది గంటల్లో అడక్కపోతే ఆ చూపు ఎవరికీ పనికిరాదు, అందుకని ఓదార్చేవాళ్ళందరికంటే ముందు నేనే మాట్లాడాలి. సత్యవేణి పోయిన రోజున వాళ్ళ అమ్మాయి జాహ్నవిని కూడా అలాగే అడిగాను, ఆ పిల్ల సరేనని తల ఊపింది. పెద్దకర్మ నాడు వాళ్ళ మేనత్త "కళ్ళు పీకించి పంపావు, మీ అమ్మకి దారెలా కనపడుతుందే" అందట. ఆ సాయంత్రం జాహ్నవి మా ఇంటికొచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "ఆంటీ, అమ్మ చీకట్లో ఉంటుందా?" అని అడిగింది. తీసేది నల్లగుడ్డు మీది పల్చటి పొరే అమ్మా, ముఖం ఏమీ మారదు అని పాంప్లెట్‌లో ఉన్నదంతా చెప్పాను, ఆ పిల్ల వెళ్ళిపోయింది, ఆ ప్రశ్న మాత్రం వెళ్ళకుండా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత నేను ఒక్క ఫోనూ చెయ్యలేదు. ఇంకెవరైనా చూసుకోండి అన్నాను, ఎవరూ చూసుకోలేదు, ఊళ్ళో పోయినవాళ్ళందరూ కళ్ళతో సహా కాలిపోతున్నారు.

"తిప్పండి, తిప్పండి," అంటున్నాయి కిటికీలన్నీ.

నేను పరుగెత్తుతున్నాను. గోడ నాతో పాటే వస్తోంది, ఎంత దూరం పోయినా ఆ నల్ల కిటికీ నా భుజం పక్కనే ఉంటోంది, అందులోంచి ఊపిరి చప్పుడు వస్తోంది, సత్యవేణికి ఉబ్బసం, ఆ ఊపిరి ఎక్కడున్నా పోల్చుకోగలను. గోడ మలుపు తిరిగేసరికి అది బస్టాండు అయిపోయింది, మేం ఎండాకాలంలో వేసే చలివేంద్రం పందిరి, తడి ఇసుకలో దించిన కుండలు, మజ్జిగలో నలిపిన కరివేపాకు వాసన కూడా తెలుస్తోంది, జనం బారులు తీరి ఉన్నారు కానీ ఎవరి చేతిలోనూ గ్లాసు లేదు, దోసిళ్ళు పట్టి నిలబడ్డారు, అందరి కళ్ళ మీదా తడి దూది ఉంది. కంటి బ్యాంకువాళ్ళు వచ్చేదాకా పోయినవాళ్ళ రెప్పల మీద పెట్టి ఉంచమని నేను ఫోన్లో చెప్పే దూది అది. కుండల దగ్గర అటు తిరిగి మజ్జిగ పోస్తోంది సత్యవేణి, ఎప్పుడూ కట్టే చిలకపచ్చ చీరే కట్టుకుంది, జడకి కొట్లోంచి తెచ్చుకున్న నల్ల రబ్బరు బ్యాండే పెట్టుకుంది.

"ఏమే ఇందూ, అలా గుడ్లప్పగించి నిలబడ్డావేంటి? వచ్చి గ్లాసులు అందుకో," అంటుంది, నా వైపు తిరక్కుండానే.

మెడ మీది గీత ఎప్పుడు ఊడిపోయిందో తెలీదు, "తిరక్కు," అని నా గొంతు నాకే వినపడుతుంది. "నీకు దణ్ణం పెడతాను వేణీ, ఇటు తిరక్కు."

"తిరగన్లే. నీ పిరికితనం నాకు తెలీందా? బల్లిని చూస్తేనే కుర్చీ ఎక్కేదానివి."

"వీళ్ళంతా ఎవరే?"

"నువ్వు ఫోన్ చెయ్యనోళ్ళు," అంటుంది మజ్జిగ పోస్తూనే. "ఎవరో వస్తారని చెప్పి దూది పెట్టి కూర్చోబెట్టారంట. ఎంతకీ ఎవరూ రారు. ఎంత పోసినా వీళ్ళకి దాహం తీరట్లేదే, నా చేతులు పడిపోతన్నాయి."

అందరికంటే ముందున్న ముసలాయన దోసిలి నా వైపు చాపుతాడు, ఆయన కళ్ళ మీది దూది కింద ఏదో కదులుతోంది, రెప్పలే అయ్యుండాలి, తెరుచుకోవడానికి అవస్థ పడుతున్నాయి, దూది చివర్ల నుంచి నీళ్ళు చెంపల మీదికి కారుతున్నాయి. వెనక్కి వెళదామనుకుంటే నా పాదాలు తడి ఇసుకలో కూరుకుపోయాయి. నాకు భయంగా ఉంది, ఇంత భయం నేను ఎప్పుడూ పడలేదు, అయినా అడగాల్సిన మాట అడక్కుండా పోతే ఇంక జన్మలో అడగలేనని కూడా తెలుస్తోంది.

"జాహ్నవి నాతో మాట్లాడటం లేదు వేణీ."

"నాతో మాత్రం మాట్లాడుతోందా? ఫొటో ముందు దీపం పెడుతుంది, తలొంచుకుని పోతుంది. నా ముఖం చూడాలంటే దానికి భయం," అంటుంది సత్యవేణి. "చిన్నప్పుడు కరెంటు పోతే నా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది. అదీ దాని భయం. అది తెచ్చి నాకు పెట్టింది, నువ్వేమో దాని దగ్గర్నుంచి అంటించుకున్నావు."

"అయితే అక్కడ చీకటి లేదా?"

సత్యవేణి చెయ్యి ఆగిపోతుంది. చేతిలో చెంబులోంచి మజ్జిగ చుక్కలు చుక్కలుగా ఇసుకలో పడుతోంది, వరసలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా మా మాటలకి చెవి ఒగ్గినట్టు తలలు వంచుతారు.

"ఉందే," అంటుంది. "నీ దగ్గర అబద్ధం ఎందుకు? చీకటే. కరెంటు పోయిన ఇల్లులాగుంది. గోడలు తడుముకుంటా తిరుగుతున్నాను."

నేను ఏడుస్తున్నాను, చిన్నపిల్లలా ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నాను, ఇన్నాళ్ళూ నేను వినకూడదని మొక్కుకున్న మాట అదే. నిన్ను చీకట్లోకి తోసింది నేనే వేణీ అని అంటున్నానో, అనుకుంటున్నానో తెలియడం లేదు.

"ఏడుపు ఆపి మాట పూర్తిగా వినవే. చచ్చాక ఎవరికైనా చీకటే, కళ్ళు ఇచ్చినా ఇవ్వకపోయినా. నాకు మాత్రం మధ్యమధ్యలో మీటింగు కలుస్తోంది."

"ఏ మీటింగు?"

"ఏమో, నీకెలా చెప్పను? ఇదిగో, నువ్వే చూడు."

తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాపి ఫోను ఇస్తుంది, ఆ వేళ్ళు కుండంత చల్లగా ఉన్నాయి. ఫోన్లో ఎప్పటిలాగే సత్యవేణి లేదు, సత్యవేణి చూస్తున్నది ఉంది. ఎవరిదో ఇల్లు, సిమెంటు గచ్చు, తాడు మీద ఆరేసిన గుడ్డలు, గోడకి చిన్న అద్దం, ఇటు రెండు చేతులు, ఎవరి చేతులో, గోళ్ళలో పసుపు పట్టిన చేతులు, వాటి మధ్య ఒక చిన్నపిల్ల తల, పాయలు పాయలుగా విడదీసిన జుట్టు.

"ఇవి ఎవరి చేతులే?"

"నాకేం తెలుసు? ఎవరికి పెట్టారో చెప్పరని నువ్వే అన్నావుగా. ఎప్పుడు కలిసినా ఈవిడకి ఇదే పని, ఈ పిల్ల తలలో పేలు చూడ్డం. పిల్లేమో కుదురుగా కూర్చోదు. అదిగో, అదిగో చూడు, వెంట్రుక మొదట్లో ఈరు! ఈరు కూడా కనపడతందే నాకు! బతికుండగా కళ్ళజోడు పెట్టుకున్నా కందిపప్పులో రాయి కనపడేది కాదు." ఆమె గొంతులో సంబరం పొంగుతోంది, కొట్లోకి కొత్త సరుకు దిగిన రోజున ఉండే సంబరం, అది వింటుంటే నా భయం తగ్గాల్సింది పోయి ఇంకా పెరుగుతోంది, ఎందుకంటే ఫోన్లో ఉన్న పిల్ల కదలడం మానేసి మెల్లగా తల ఎత్తుతోంది, ఎత్తి సూటిగా నా కళ్ళలోకే చూస్తోంది.

"అమ్మా," అంటుంది ఆ పిల్ల. "నీ కళ్ళలో ఎవరో ఉన్నారు."

పసుపు గోళ్ళ చేతులు ఆగిపోతాయి. చూపు లేస్తుంది, గచ్చు మీద నడుస్తుంది, గోడకున్న అద్దం వైపు వస్తుంది, పందిరి గుంజల మధ్య మళ్ళీ ఆ కిటికీలు మొలిచి "కెమెరా తిప్పండి సత్యవేణి గారూ, తిప్పండి" అని నవ్వుతున్నాయి, అందులో చక్రధరం గారి నవ్వు ఏదో, దూది కళ్ళవాళ్ళ మూలుగు ఏదో తేడా తెలియడం లేదు, దోసిళ్ళన్నీ నా చుట్టూ మూగుతున్నాయి. అద్దం అంచు కనపడుతోంది. నాకు తెలుసు, ఇంకొక్క అడుగు వేస్తే ఆ అద్దంలో ఆ మనిషి ముఖమూ కనపడుతుంది, సత్యవేణి కళ్ళూ కనపడతాయి.

"తిప్పనా?" అంటుంది సత్యవేణి, నా వెనకనుంచి, నా చెవి దగ్గర. "నువ్వు వద్దంటే తిప్పను ఇందూ. నీకు భయమైతే ఇక్కడితో ఆపేస్తాను. వీళ్ళని కూడా పొమ్మంటాను."

వద్దనాలని ఉంది. నాలుక చివర వద్దనే ఉంది. ముసలాయన దోసిలి నా మోచేతికి తగులుతోంది, అందులో ఒక్క చుక్క కూడా లేదు.

"తిప్పు," అంటాను. "తిప్పవే వేణీ. చూస్తాను."

అంతా గిర్రున తిరుగుతుంది, ట్యూబులైటు, రేకుల కప్పు, తాడు మీది గుడ్డలు, అద్దంలో ఏదో తళుక్కుమంటుంది, చూసేలోపలే ఫోను నా చేతిలోంచి జారిపోతుంది, జారిన చోట జుట్టు ఉంది, వెచ్చటి చిన్న తల నా రెండు చేతుల మధ్య ఉంది, నా వేళ్ళ కింద ఏదో పాకుతోంది, నేను ఆ గచ్చు మీద కూర్చుని ఉన్నాను, నా గోళ్ళలో పసుపు ఉంది, చెవిలో సత్యవేణి అరుస్తోంది, "దొరికిందే! నొక్కు, నొక్కవే ఇందూ, పారిపోద్ది!"

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నపు ఎండ మంచం మీదికి పాకింది, జాకెట్టు చెమటకి తడిసి వీపుకి అంటుకుంది. చాలాసేపు లేవలేకపోయాను, లేస్తే గది మూలలో ఎవరైనా అటు తిరిగి నిలబడి ఉంటారేమోనని భయం. దిండు పక్కన ఫోను మోగి ఆగింది. సంఘం గ్రూపులో చక్రధరం గారు పెట్టారు, రైసుమిల్లు వీధిలో గంగరాజు గారి తల్లి ఇందాకే పోయారు, ఆ ఇంటివాళ్ళతో ఎవరైనా మాట్లాడగలరా అని, కింద నంబరు ఇచ్చారు. దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు. అందరూ చూశారు, అందరూ దణ్ణం పెట్టారు, నేను మాట్లాడతానని ఒక్కరూ అనలేదు.

కల కల్లే అని నాకు నేను చెప్పుకోలేకపోయాను, నిజమని కూడా అనుకోలేకపోయాను. భయం మాత్రం ఉన్నచోటే ఉంది. దాన్ని అక్కడే ఉండనిచ్చి ఆ నంబరు నొక్కాను.

"ఎవరండీ?" అంది ఒక ఆడగొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"నేనమ్మా, చేయూత సంఘం ఇందుమతిని. మీతో ఒక్క నిమిషం మాట్లాడాలి," అన్నాను.

ఆమె ఎవరినో పిల్లల్ని అవతలికి తీసుకెళ్ళమంటోంది, మాటలు సరిగా వినపడటం లేదని వీధిలోకి వస్తున్నట్టుంది. ఆమె వచ్చేదాకా ఫోను స్పీకర్లో పెట్టి, ఒళ్ళో ఉంచుకుని నా చేతులు చూసుకున్నాను. రెండు బొటనవేళ్ళ గోళ్ళనీ ఒకదానికొకటి ఎంత గట్టిగా నొక్కుకుని పడుకున్నానో, వేళ్ళ చివర్ల మీద గోళ్ళ గాట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.