నిండు ట్యాంకు

పోలారావుకి ఖాళీగా ఉన్నదేదీ కంటపడకూడదు. బియ్యం డబ్బా అడుగు కనబడితే భార్య నీలమ్మ మీద విరుచుకుపడతాడు. గుడి నుంచి వచ్చే పళ్లెంలో ఒక్క పువ్వయినా మిగిలి ఉండాలి. పడుకునే ముందు బిందె మూత తీసి నీళ్లు అంచుదాకా ఉన్నాయో లేదో చూసుకుంటాడు. యాభై ఎనిమిదేళ్ల బతుకులో ఈ పట్టింపు వల్ల అతనికి ఒరిగిందీ లేదు, పోయిందీ లేదు, ఈ ఏడు జూన్ నెల వచ్చేదాకా.

ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ అరవై ఒక్క రోజులూ దోనిపేట రేవులో పడవలన్నీ ఇసకెక్కి కూర్చుంటాయి. నిషేధం మొదలయ్యే రోజున పోలారావు పడవ వెనక తగిలించిన ఇంజను విప్పించి, పాకలోకి మోయించి, పసుపు రాసి, బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతాడు. ఇరవై లీటర్ల పెట్రోలు ట్యాంకుని మెడదాకా నింపిస్తాడు. పెట్రోలు ఎక్కడిదాకా ఉందో బయట ఎర్రరంగుతో గీత గీస్తాడు. ఎండకి ట్యాంకు ఉబ్బకుండా మూత మీది గాలికన్నం కాస్త వదులు చేసి ఉంచుతాడు. వాళ్ల నాన్న కిరసనాయిలు ఇంజనుకి ఇలాగే చేసేవాడట. ఆ ఇంజను పద్దెనిమిదేళ్లు నడిచిందట. పోలారావుకి అంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

ఈ ఏడు ఆ రోజున అల్లుడు కామేశ్ ఒక మాట అన్నాడు. అతను పోలారావు సొంత అక్క కొడుకే. పన్నెండేళ్లుగా మావ పడవలోనే వేటాడుతున్నాడు, మావ కూతురు రూపనే చేసుకున్నాడు.

“మావా, ఈపాలి ట్యాంకు ఖాళీ సేసి ఆరబెట్టీద్దుమా? ఇప్పుడొత్తన్న పెట్రోల్లో స్పిరిట్టు కలిపి అమ్ముతన్నారు. ఎక్కువ రోజులుంచితే పాడైపోద్దని పలాస మెకానిక్కు సెప్పినాడు.”

“ఖాళీ ట్యాంకెట్టి ఇంజనుకి పూజ సేత్తామేటి? మా బాబు సేసినాడా అలాగ? నోర్మూసుకుని నింపు.”

కామేశ్ నోరు మూసుకుని నింపాడు. ఆ మాట అక్కడితో అయిపోయింది. కొట్టిన కొబ్బరికాయ చట్నీలోకి వెళ్లేలోపే పోలారావు దాన్ని మరిచిపోయాడు కూడా.

జూన్ పదిహేనున తెల్లవారుతూనే రేవంతా ఒడ్డున ఉంది. రెండు నెలల తర్వాత మొదటి వేట, మొదటి రోజు పడే చేప ఏడాదిలో మరి పడదు. పోలారావు ఇంజను ఒక్క లాగుకే అందుకుంది. అలలు దాటేదాకా బాగానే వెళ్లి, అక్కడ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కామేశ్ తాడు లాగాడు. పోలారావు లాగాడు. భుజాలు పడిపోయేదాకా ఇద్దరూ మార్చి మార్చి లాగారు. పక్కనుంచి తక్కిన పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి లోపలికి వెళ్లిపోతుంటే, వీళ్లు తెడ్లు వేసుకుంటూ వెనక్కి వచ్చారు.

ఒడ్డుకి వచ్చాక పోలారావు ట్యాంకు అడుగునుంచి వచ్చే గొట్టం ఊడబీకి ఒక కూల్‌డ్రింకు సీసాలోకి పట్టాడు. సీసాలో పైన పచ్చగా పెట్రోలు తేలింది. కింద నాలుగు వేళ్ల మందాన ఇంకేదో తెల్లగా నిలబడింది. ట్యాంకు పక్కకి చూస్తే పెట్రోలు ఎర్రగీతకి వేలెడు కూడా తగ్గలేదు. పోలారావు బుర్రలో లెక్క చకచకా తేలిపోయింది. మట్టం తగ్గలేదు, అడుగున నీళ్లున్నాయి, అంటే ఎవరో పెట్రోలు తీసి నీళ్లు పోశారు. పాక తాళంచెవి రెండు నెలలూ కామేశ్ మొలతాడుకే ఉంది.

అతను ఒక్క నిమిషం ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆగలేదు. సీసా పైకెత్తి రేవంతా వినేలా అరిచాడు.

“సూడండి! నా పెట్రోలమ్ముకుని నీళ్లోసీనాడు! పరాయోడు కాదు, నా ఇంటల్లుడు!”

ఢిల్లీరావు ముందుకొచ్చాడు. వేట మానేసి పదేళ్లయింది, ఒడ్డున కూర్చుని అందరి పడవలకీ తీర్పులు చెప్పడమే ఇప్పుడతని పని. సీసా అందుకుని, సూర్యుడికెదురుగా పట్టి చూసి, “నీళ్లే,” అన్నాడు.

కామేశ్ ఏదో అనబోయాడు. మావని చూశాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. తెరిచిన నోరు మూసి, చేతిలోని తెడ్డు పడవలో పెట్టి, ఇంటికి నడిచాడు.

“తప్పు సెయ్యనోడయితే మాటాడడేటి?” అన్నాడు ఢిల్లీరావు. అందరికీ అది సబబుగానే తోచింది, పోలారావుకి మరీను.

దొంగ అని పేరు పడ్డవాణ్ణి రేవులో ఏ పడవా ఎక్కించుకోదు. కామేశ్ రెండు రోజులు ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూశాడు, మనుషులు నిండిపోయారన్నారు. మూడో రోజు నీలమ్మ మొగుడికి అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

“పిల్ల బట్టలు సర్దుకుంటంది. శనివారం పలాసలో రైలెక్కుతారట. మద్రాసు రేవులో మరబోటు మీద పనట.”

“ఎల్లనీ.”

“రూపా ఎల్తాది, భానూ ఎల్తాది. నీ ట్యాంకు నిండుగానే ఉంది. నా ఇల్లే ఖాళీ అయిపోతంది.”

పోలారావు చేతిలోని ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు. భాను మనవరాలు, నాలుగేళ్ల పిల్ల, రోజూ పొద్దున్నే తాత చాయ్‌లో బిస్కెట్టు ముంచుకోవడానికి వస్తుంది. మూడు రోజులుగా రావడం లేదు. అతనికి దుఃఖం వచ్చింది, వెంటనే కోపం వచ్చింది. కోపమే తేలిక కాబట్టి దాన్నే పట్టుకుని చెయ్యి కడుక్కున్నాడు.

శుక్రవారం పొద్దున ఇంజనునీ ట్యాంకునీ ఆటోలో వేయించుకుని పలాస బయల్దేరాడు. సీసాని గుడ్డసంచిలో పెట్టుకున్నాడు. అది సాక్ష్యం.

మెకానిక్ ఉమామహేష్‌ది పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో, జీడిపప్పు ఫ్యాక్టరీల సందు మొదట్లో చిన్న షెడ్డు. పాత స్కూటర్లు, తోటల్లో గడ్డి కోసే మిషన్లు, పడవ ఇంజన్లు అన్నీ అతని దగ్గరికే వస్తాయి. ఇంజను విప్పి చూసి, లోపలి రబ్బరు వాషరొకటి తీసి పోలారావు అరచేతిలో వేశాడు. అది నానిన శనగలా ఉబ్బి, నలిపితే చిట్లుతోంది.

“నీళ్లోసీనాడు బావా,” అన్నాడు పోలారావు, సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెడుతూ. “ఇదిగో.”

ఉమామహేష్ సీసాని చూసి, “ట్యాంకు మొత్తం మీద ఈ అడుగుది ఎంతుంటాది?” అని అడిగాడు.

“లీటరుంటాది.”

అతను ఇంకేమీ అనకుండా సన్నటి గొట్టం సీసా అడుగుదాకా దించి, ఆ తెల్లటిదాన్ని కాస్త డబ్బా మూతలోకి లాగాడు. అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టాడు.

షెడ్డు చీకట్లో మూత మీద నీలంగా మంట లేచింది.

పోలారావు దగ్గరికి వంగి చూశాడు. నీళ్లు మండుతున్నాయి.

“నీళ్లు కావివి,” అన్నాడు ఉమామహేష్. “పెట్రోల్లో కలిపే స్పిరిట్టు. దానికి తేమంటే పిచ్చి. రెండు నెలలు సముద్రం ఒడ్డున గాలికన్నం తెరిసి ఉంచితే, ఉప్పుగాల్లో తేమంతా లాగీసుకుంటాది. పాక కారి నాలుగు వానసుక్కలు కూడా పడుంటాయి. ఇంక మొయ్యలేనంత అయినాక పెట్రోల్ని ఒదిలీసి, ఆ నీటితో కలిసి అడుక్కి దిగిపోద్ది. మీ గొట్టం లాగేది అడుగునుంచే గదా, ఇంజనుకి పెట్రోలు బదులు ఇదెల్లింది.”

“మరి నీళ్లోసినా ఇలాగే అవ్వదేటి?” పోలారావు అంత తేలిగ్గా సాక్ష్యం వదులుకోదలచుకోలేదు.

“అవుద్ది. అయితే సూడు.” ఉమామహేష్ బల్ల కింద డబ్బాలోంచి కొత్త పెట్రోలు ఇంకో సీసాలో పోశాడు. చాయ్ గ్లాసుడు నీళ్లు అందులో పోసి, మూత బిగించి, ఊపి నిలబెట్టాడు. ఇద్దరూ చూస్తుండగానే అడుగున నీళ్ల మందం పెరిగి, పోసినదానికి రెట్టింపయింది. “స్పిరిట్టంతా దిగొచ్చి నీళ్లతో కలిసినాది. నీ ట్యాంకులో నిజంగా లీటరు నీళ్లు పోసుంటే అడుగున రెండు మూడు లీటర్లుండాలి. నీకున్నది లీటరే. అందులో అసలు నీళ్లు ఒక్క గ్లాసుడుంటాయి. గ్లాసుడు పెట్రోలమ్ముకుని ఎవుడు బాగుపడతాడు బావా?”

పోలారావు రెండు సీసాలనీ పక్కపక్కన పెట్టి చూశాడు.

“ఇదివరకు పెట్రోలైతే నువ్వు నింపి ఉంచినా సెల్లిపోయేది. ఇప్పుడలాగ కాదు. స్పిరిట్టు కలపందీ దొరుకుద్ది, పెద్దూళ్లలో, ఎక్కువ రేటుకి. నీకక్కర్లేదు. ఏ రోజుకారోజు కొనుక్కో, నిషేధానికి ఖాళీ సేసి ఆరబెట్టు. పాత ఇంజనుకి రబ్బర్లు మారిస్తే సాలు. ఇదంతా ఏప్రిల్లోనే కామేశ్‌కి సెప్పినాను గదా. నీకు సెప్పలేదేటి?”

చెప్పాడు. పాకలో, పసుపు రాస్తుండగా, చేతిలో కొబ్బరికాయ పట్టుకుని ఉండగా చెప్పాడు. నోర్మూసుకుని నింపు అన్నది ఎవరో కూడా పోలారావుకి ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. అతనికి ఒళ్లంతా సిగ్గుగా అనిపించింది.

“ట్యాంకులో మిగిలింది ఇక్కడే వంచీమంటావా?” అని అడిగాడు ఉమామహేష్.

“ఇంటికెళ్లి నానే వంచుతాను,” అన్నాడు పోలారావు. ఇంత తెలిసినా, కళ్లముందు నిండు ట్యాంకు బోర్లించడానికి అతని మనసు ఒప్పలేదు.

ఇంజను షెడ్డులో వదిలి, ట్యాంకూ సీసా తీసుకుని మధ్యాహ్నం ఆటో ఎక్కాడు. జీడితోటల మధ్య గంట ప్రయాణం. ఆ గంటా తనతో తాను బేరమాడాడు. కూతురింటికెళ్లి నాలుగ్గోడల మధ్య చెప్పేస్తే సరిపోదా? తప్పయిపోయింది అంటే అల్లుడు కాదంటాడా? ఊరికి మెల్లగా అదే తెలుస్తుంది. బేరం బాగానే కుదిరింది. తీరా ఊరి మలుపు దగ్గర ఆటో కూతురింటివైపు తిరగబోతే, “రేవుకి పోనీ,” అన్నాడు.

నాలుగయింది. పడవలు ఒడ్డుకి చేరాయి, చేపల వేలంపాట నడుస్తోంది. ఆ రోజు ఉన్న జనమే ఉన్నారు. పోలారావు చేపలమ్మే జోగమ్మ దగ్గర స్టీలు పళ్లెం అడిగి తీసుకుని, ఇసకలో పెట్టి, మెకానిక్ దగ్గర తెచ్చుకున్న సన్నటి గొట్టంతో సీసా అడుగుది జాగ్రత్తగా అందులోకి లాగాడు. అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. రెండోదీ ఆరిపోయింది. జనం పాట మానేసి చుట్టూ చేరారు. మూడోది చేతులు అడ్డుపెట్టి ముట్టించి లేచి నిలబడ్డాడు.

“సూడండి. మండుతంది.”

ఎవరికీ ఏమీ కనబడలేదు. షెడ్డులో అంత నీలంగా లేచిన మంట పట్టపగటి ఎండలో ఆనవాలు లేకుండా పోయింది. పళ్లెంలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

“ఏదీ మంట? నీకు మతి పోనాదేటి పోలారావూ?” అంటూ ఢిల్లీరావు వంగి, పళ్లెంలో వేలు పెట్టాడు. “ఓలమ్మో!” అని గెంతి ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు.

రేవంతా నవ్వింది. నవ్వు తగ్గేదాకా పోలారావు ఆగాడు.

“ఇది నీళ్లు కాదు. పెట్రోల్లోదే, నిలవుండి ఇరిగిపోనాది. ట్యాంకు ఖాళీ సేసీద్దుమని ఏప్రిల్లో కామేశ్ సెప్పినాడు. నోర్మూసుకుని నింపమన్నది నాను. ఆడు దొంగ కాదు. ఆడ్ని దొంగన్న నోరు నాది, బుద్ధి లేంది నాకు.” పళ్లెం వేడి తగ్గాక జోగమ్మకిచ్చి, ట్యాంకు భుజానికెత్తుకున్నాడు.

అతను నడిచి వెళ్లేసరికే కబురు కూతురింటికి చేరింది. కామేశ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతని వెనక కట్టిన సంచులు రెండు, తలుపు చాటున రూప. భాను తాతని చూసి రాబోతే తల్లి ఆపింది.

పోలారావు ట్యాంకు దించాడు. తప్పయిపోయింది అని మొదలుపెడదామనుకున్నవాడు, ఇంకోటి అడిగాడు.

“ఆ రోజు సెప్పలేకపోయావేటిరా? ఖాళీ సేసీమన్నానని, నువ్వే ఇనలేదని ఒక్క మాటనుంటే అయిపోయేది గదా?”

“అంతమంది ముందరా మావా?” అన్నాడు కామేశ్.

అంతే అన్నాడు. పోలారావు తలెత్తలేకపోయాడు. మూడు రోజులుగా తను ఊరంతటికీ దొంగని చూపించుకుంటూ తిరిగితే, ఆ దొంగ మావ పరువు కాచుకుంటూ రైలెక్కడానికి సిద్ధమయ్యాడు.

కామేశే గుమ్మం దిగి వచ్చి, కాలితో ట్యాంకుని కదిపి చూశాడు. అది బరువుగా తొణికింది.

“ఇంకా వంచలేదేటి?”

“సెయ్యి రానేదురా.”

కామేశ్ పెరట్లోంచి పాత ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి ముందు పెట్టాడు. “నాను వంచను. నువ్వే వంచు.”

పోలారావు మూత తీశాడు. ట్యాంకుని రెండు చేతులా ఎత్తి డ్రమ్ములోకి వంచాడు. అది గుడగుడమంటూ చాలాసేపు కారింది. ధార సన్నబడి, చుక్కలై, చుక్కలు కూడా ఆగిపోయాక ఎండలో బోర్లించాడు. యాభై ఎనిమిదేళ్లలో తన చేత్తో ఒకటి ఖాళీ చేయడం అతనికి అదే మొదలు.

అప్పుడు కామేశ్ లోపలికి తిరిగి, “రూపా, సంచులు ఇప్పీ,” అన్నాడు.