వెనక బల్ల

బొమ్మల పుస్తకాల వీపులకు అంటించిన టేపు మళ్ళీ లేచిపోయింది. ఆమె వాటిని వంటింటి గట్టు మీద బోర్లా పరిచి, కొత్త టేపు ముక్కలు కత్తిరించి, బొటనవేలితో నొక్కి నొక్కి అంటిస్తోంది. ఒక అట్ట మీద ఏనుగుకు ఎవరో పెన్సిలుతో కళ్ళజోడు పెట్టారు. ఇంకో పుస్తకం మూల మీద చిన్న చిన్న పళ్ళ గుర్తులున్నాయి. ఆ మూలను మాత్రం ఆమె సరిచేయలేదు. పుస్తకం కొరికిన పిల్ల అంటే ఆమెకు ఎందుకో నమ్మకం.

"ఆ పుస్తకాలకు చేసే సేవలో సగం నీ మోకాళ్ళకు చేసుకుంటే, ఈపాటికి పరుగుపందాలకు వెళ్ళేదానివి," అంది వదిన, టీ గ్లాసు పక్కన పెడుతూ.

అన్న పోయాక వదినా ఆమే ఒకే ఇంటికి చేరారు. రెండు గదులు, ఒకే అద్దం, వీధిలోకి తెరుచుకునే ఒక కిటికీ. వదిన మాట కాస్త ఎక్కువ, నిద్ర తక్కువ.

"ఇవాళైనా చెప్తావా ఆయనకి?"

"ఎవరికి? ఏం చెప్పాలి?"

"నెల్లాళ్ళుగా నిద్రలో చెప్తున్నావుగా, అదే. 'క్షమించండి మాస్టారూ' అని. పాపం ఆ మాస్టారికి వినబడటం లేదు. పక్క మంచం మీద నాకు వినబడుతోంది. క్షమించి క్షమించి నా ప్రాణం విసిగిపోయింది."

ఆమె నవ్వబోయి, నవ్వు రాక టీ తాగింది. పుస్తకాలు సంచిలో సర్దుకుంది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తాను వదినా," అంది. వీధి చివరి కొట్టుకు వెళ్ళినా ఆ మాట అనకుండా ఆమె గడప దాటదు. వదిన కూడా "ఆ" అనకుండా ఊరుకోదు. అందుకు ఒక కారణం ఉంది.

ఆమె భర్త బస్సు కండక్టరు. ఒకరోజు పొద్దున్న చొక్కా గుండీ కుట్టలేదని చిన్న రగడ అయింది. ఆయన గుండీ లేకుండానే బయలుదేరాడు. గుమ్మంలో ఆగి ఏదో అనబోతే, "సాయంత్రం మాట్లాడుకుందాం లెండి," అంది ఆమె, తల ఎత్తకుండా బియ్యం ఏరుతూ. మధ్యాహ్నం, నడుస్తున్న బస్సులోనే, టికెట్లు కొడుతూ కొడుతూ ఆయన ఒక ముసలావిడ భుజం మీదికి ఒరిగిపోయాడట. నిద్రపోయాడనుకుని ఆ ముసలావిడ చాలాసేపు కదలకుండా కూర్చుందట. ఆయన ఏమనబోయాడో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

ఆమె ఎక్కిన బస్సు ఊరి చివరికి వచ్చేసరికి ఇటుక దుమ్ముతో కిటికీ అంచులు ఎర్రబడ్డాయి. అక్కడ ఇటుక బట్టీలున్నాయి. బట్టీల వెనక రేకుల ఇళ్ళు, వాటి నడుమ రేకుల బడి. ఆ ఇళ్ళల్లో చదివే కాగితమంటూ ఏదైనా ఉంటే, అది గోడకు తగిలించిన క్యాలెండరే. అలాంటి బడుల్లో ఒకటి, రెండు తరగతుల టీచర్లకు తోడుగా ఉండటం ఆమె ఉద్యోగం. తనిఖీ కాదు. తరగతిలో చివరి బల్ల మీద కూర్చుని పాఠం వింటుంది. ఏ పిల్ల ఎక్కడ తడబడుతోందో చూస్తుంది. పిల్లలు వెళ్ళాక టీచరు పక్కన కూర్చుని, "రేపు ఇలా చేసి చూద్దామా?" అంటుంది. పిల్లలు ఆమెకు వెనకబల్ల టీచరని పేరు పెట్టారు.

ఈ పనికి ఒక కట్టుబాటుంది. వెనక కూర్చున్నవాళ్ళు సుద్దముక్క ముట్టుకోకూడదు. టీచరు తప్పు చెప్పినా సరే, పిల్లల ఎదుట నోరు విప్పకూడదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఈ మాట నేర్పేది ఆమే.

కానీ ఆమె చేతికి వేరే అలవాటుంది. బతుకంతా ఒకటో తరగతి చెప్పిన చెయ్యి అది. పిల్లలు తగ్గిపోయి ఆమె బడి మూసేసిన రోజు, నల్లబల్ల తుడిచి గుడ్డ దులిపి బయటికి వచ్చింది. ఆ తరవాత కూరగాయలు తరుగుతున్నా, బస్సులో కడ్డీ పట్టుకున్నా, బొటనవేలూ చూపుడువేలూ ఏదో సన్నటి వస్తువు కోసం దగ్గరికి చేరుతుండేవి.

కిందటి నెల ఆ చెయ్యే కట్టుబాటు తప్పింది.

రెండో తరగతి మాస్టారు గుణింతం పాడిస్తున్నారు. పొడుగాటి మనిషి, కాస్త వంగిన వీపు, బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. సుద్ద పడక ఆయన వేళ్ళు చీరుకుపోతాయి. అందుకని పాత క్యాలెండరు కాగితం చింపి సుద్దముక్కకు బిగుతుగా చుట్టుకుంటారు. 'మాస్టారి సిగరెట్టు' అని పిల్లలు చాటుగా నవ్వుకుంటారు. ఆ రోజు పాట నడుమ ముందు వరసలోని పిట్ట, అంటే ఎముకలు తప్ప ఏమీ లేని ఒక పిల్ల, పాట ఆపేసి నల్లబల్ల మీది మాటను తనంతట తాను కూడబలుక్కోవడం ఆమె వెనక నుంచి చూసింది. ఇంకొక్క క్షణం ఆగితే చదివేస్తుంది. మాస్టారు చూడలేదు. తరవాతి అక్షరానికి వెళ్ళిపోయారు. అప్పుడు ఆమె లేచింది. బల్లల మధ్య నుంచి గబగబా నడిచి, ఆయన వేళ్ళ మధ్య నుంచి సుద్దముక్క తీసుకుని, ఆ మాటను విడదీసి పెద్ద అక్షరాలతో రాసింది. పిట్ట చదివింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

మాస్టారి చెయ్యి పట్టుకున్నది పట్టుకున్నట్టే గాలిలో ఉండిపోయింది.

ఆ సాయంత్రం బస్సులో ఆమె ఎంతో సంతోషంగా ఇంటికి వెళ్ళింది. ఇప్పుడు నిద్ర పట్టనివ్వనిది ఆ సంతోషమే.

మళ్ళీ వెళ్ళిన రోజు పిట్ట పుస్తకం పట్టుకుని నిలబడి, ఒక మాట చదివి, మెడ తిప్పి వెనక బల్ల వైపు చూసింది. ఒప్పా తప్పా అని. ఆ తరవాత చదివినవాడూ చూశాడు. ఆపైన అందరూ. ఇంతకుముందు వాళ్ళు మాస్టారి కనుబొమ్మలు చూసేవారు. అవి పైకి లేస్తే ఒప్పు, ముడిపడితే మళ్ళీ చదవాలి. ఇప్పుడా కనుబొమ్మలను ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆమె లేని రోజుల్లో కూడా ఖాళీ బల్ల వైపు తిరిగి చూస్తున్నారని బడి ఊడ్చే ఆయా చెప్పింది. "దెయ్యం పట్టిన బల్లనుకున్నానమ్మా," అని నవ్వింది కూడా.

ఇవాళ ఆమె బడికి చేరేసరికి పిల్లలు తరగతిలో కూర్చునే ఉన్నారు. మాస్టారు కిటికీ దగ్గర నిలబడి కాగితం చుట్టుకుంటున్నారు.

"రండమ్మా," అన్నారు.

ఆమె సంచి కింద పెట్టింది. ఏం చేయాలో రాత్రంతా ఆలోచించుకుని వచ్చింది. వెనక బల్లను రెండు చేతులతో పట్టి లాగింది. బరువైన చెక్క, నేల మీద కీచుమంది. దాన్ని పూర్తిగా తిప్పి, పిల్లలకు వీపు పెట్టి, గోడకు ఎదురుగా కూర్చుంది.

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. తరవాత ఎవరో కిసుక్కుమన్నారు.

"టీచర్, మీకు పనిష్మెంటా?"

"అవున్రా."

"ఎవరిచ్చారు? మాస్టారా?"

"కాదు. నేనే ఇచ్చుకున్నా."

"ఏం చేశారేంటి? కొట్టారా ఎవరినన్నా?"

ఆమె కళ్ళు గోడ మీదే ఉంచింది. గోడకు సున్నం రేగిపోయి, కింద పాత నీలం రంగు కనబడుతోంది. దాని మధ్యలో, దేనికి కొట్టారో తెలియని ఒక మేకు ఉంది.

"పెద్దవాళ్ళ తప్పుల లెక్క మీకెందుకురా? మీ తప్పులు చాలవా?" అన్నారు మాస్టారు. "ఇటు తిరగండి. పిట్టా, లే. కుక్కపిల్ల కథ తియ్యి."

పిట్ట మొదలుపెట్టింది. ఆ గొంతు ఒక మాట దగ్గర ఆగింది. పిల్ల మెడ తిప్పి ఉంటుందని ఆమెకు తెలుసు. మెడ వెనక చర్మం ఆ చూపు తగిలినట్టు జలదరించింది. చెప్పేయాలని నాలుక లేచింది. పళ్ళ మధ్య దాన్ని నొక్కిపెట్టి ఆమె మేకు వైపు చూసింది. బయట బట్టీ దగ్గర ఎవరో ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న చప్పుడు.

"అక్కడేం లేదమ్మా, గోడ ఉంది," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "ఇటు నా వేలు చూడు. దీని కింద ఒత్తేమిటి? ఊఁ... ఇప్పుడు రెండూ కలిపి."

పిట్ట కలిపింది. తప్పు పలికింది. మళ్ళీ కలిపింది.

"అదీ!"

ఆయన కనుబొమ్మలు పైకి లేచి ఉంటాయి. పిట్ట తరవాతి మాటకు వెళ్ళింది, ఆ తరవాతి దానికి. వాక్యం చివరికి వచ్చేసరికి గొంతులో ఉరుకు వచ్చింది. "సరే, కుక్కపిల్ల మంచం కింద ఎందుకు దాక్కుందంటావు?" అని మాస్టారు అడిగారు. అలా అడగమని ఏడాదిగా చెబుతున్నది ఆమె. ఆయన అడగడం వినడం మాత్రం ఇదే మొదలు.

"భయమేసి!"

"కాదు సార్, చెప్పు కొరికేసింది కదా, అందుకు! తిడతారని!"

"అయితే తప్పు చేశానని దానికి తెలిసిందంటావా?"

"తెలిసింది సార్! తోక లోపల పెట్టేసుకుంది, బొమ్మలో చూడండి!"

అంతా ఒక్కసారి అరుస్తున్నారు, మాస్టారితో. ఒక్క గొంతు కూడా వెనక్కి తిరిగిలేదు. గోడ వైపు కూర్చున్న ఆమె కళ్ళు తుడుచుకుంది. పిల్లలు తనను మరిచిపోతున్నారు. ఆమె కోరుకున్నది అదే, అయినా ఎక్కడో కలుక్కుమంది.

మధ్యాహ్నం తిండి వేళ ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. మాస్టారు చేతులు కడుక్కుని, చీలిన వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటున్నారు.

"ఇవాళ బాగా చదివారు కదమ్మా?"

"చాలా బాగా. మీరు..." ఆమె ఆగింది. చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది. అంతలో పిల్లలు కుళాయి దగ్గర నీళ్ళు చల్లుకుంటూ కేకలు పెట్టారు. ఇంత గోలలో చెప్పే మాట కాదనిపించింది. తీరిగ్గా చెప్పాలి, ఆయన ముఖంలోకి చూసి చెప్పాలి.

"మీరు చెప్పే పద్ధతి మంచిదేనమ్మా," అన్నారు ఆయన నూనె సీసా మూత బిగిస్తూ. "నా బుర్రకు కాస్త ఆలస్యంగా ఎక్కింది. మందబుద్ధి పిల్లవాణ్ణి ఓపిక పట్టి భరించారు."

"అయ్యో, అలా అనకండి మాస్టారూ. మీతో ఒక మాట చెప్పాలి. బడి విడిచాక మాట్లాడుకుందాం."

ఆయన ఆమె వైపు చూశారు. ఏదో అనబోయి చిన్నగా నవ్వారు. "అలాగేనమ్మా."

సాయంత్రం గంట కొట్టబోయే ముందు హెడ్‌మాస్టరమ్మ కబురు పంపింది. ఆవిడ గది చిన్నది. సగం గది విరిగిన కుర్చీలతో నిండి ఉంటుంది.

"కూర్చోండి. రేపటి నుంచి రెండో తరగతికి కొత్తమ్మాయి వస్తోంది. బొత్తిగా అనుభవం లేదు. మొదట్లో మీరు కాస్త ఎక్కువసార్లు రావాలి."

"కొత్తమ్మాయా? మరి మాస్టారు?"

"అదేంటి, మీకు చెప్పలేదా? ఇవాళే ఆయన ఆఖరు రోజు. వాలంటరీ రిటైర్మెంటు. తమ్ముడి ఊరు వెళ్ళిపోతారట. సన్మానం, దండలు ఏమీ వద్దన్నారు. పిల్లలకు కూడా చెప్పొద్దన్నారు, ఏడుస్తారని."

"ఎప్పుడు అడిగారు?"

"పోయిన నెల. ఎంత చెప్పినా వినలేదు. 'పిల్లలు వెనక్కి చూస్తున్నారమ్మా, ముందు నిలబడినవాడికి ఇంక పనేముంది' అన్నారు. నాకు ఆ మాట సరిగ్గా అర్థం కాలేదు కూడా. మీమీద చాలా గౌరవం ఆయనకి. పిల్లలకు అలాంటి టీచరు కావాలి అన్నారు."

"ఆపలేమా? ఇవాళ పాఠం మీరు వినలేదు. ఇవాళ వాళ్ళంతా ఆయన వైపే..."

"ఉత్తర్వులు వచ్చేశాయండీ. ఇంక మన చేతుల్లో లేదు."

గంట కొట్టారు. ఆమె లేచింది. గోడ పట్టుకుని వరండా దాటింది. ఎదురుగా పిల్లలు సంచులు ఊపుకుంటూ వస్తున్నారు. ఆ వరదకు ఎదురు నడవడం కష్టమైంది. పిట్ట ఆమె చీర పట్టుకుని లాగి, "మీ పనిష్మెంటు అయిపోయిందా టీచర్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పరుగెత్తింది.

తరగతిలో ఆయా ఊడుస్తోంది.

"మాస్టారేరీ?"

"ఇప్పుడే వెళ్ళారమ్మా. గంట కొట్టగానే పిల్లల కంటే ముందే గేటు దాటేశారు. అంతకుముందు మీకోసం కాసేపు చూశారు. పిలుచుకురానా అంటే వద్దు, పనిలో ఉన్నారు అన్నారు. వెళ్తానమ్మా అన్నారు. 'వెళ్తానంటారేంటి సార్, వెళ్ళొస్తానని అనాలి' అంటే నవ్వారు."

ఆమె గేటు దాకా వెళ్ళింది. ఇటుకల లారీ ఒకటి అప్పుడే మలుపు తిరిగింది. ఎర్రటి దుమ్ము లేచి, రోడ్డు కనబడకుండా పోయింది. దుమ్ము అణిగేదాకా నిలబడింది. అణిగాక రోడ్డు మీద పిల్లలు తప్ప ఎవరూ లేరు. పొడుగాటి మనిషి, వంగిన వీపు ఎక్కడా కనబడలేదు. గాలిలోకి "మాస్టారూ" అంది. ఎవరికీ వినబడేంత గట్టిగా అనలేదు.

సంచి కోసం తరగతిలోకి తిరిగి వచ్చింది. ఆయా ఊడ్చిన చెత్తను చేటలోకి ఎత్తుతోంది. వెనక బల్ల ఇప్పుడు గోడ వైపు లేదు. నల్లబల్ల వైపు తిప్పి ఉంది.

"నువ్వు తిప్పావా?"

"నేనెక్కడ? మాస్టారే తిప్పారు. 'బరువు సార్, నేనూ ఒక చెయ్యి వేస్తా' అంటే వినలేదు. మీకు గోడ చూస్తూ కూర్చోవడం బాగుండదట."

ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది. చెయ్యి చాచి, మధ్యలోనే ఆగిపోయింది. కిటికీలోంచి పడుతున్న సాయంత్రపు ఎండలో, సరిగ్గా ఆమె కూర్చునే చోట, కొత్త కాగితం బిగుతుగా చుట్టిన సుద్దముక్క ఒకటి ఉంది. దాని కొస ఇంకా అరగలేదు.