ఊదుగొట్టం

మేస్త్రి గరాటాను వ్యాను ట్యాంకు నోట్లో దూర్చి, డబ్బాలోని పెట్రోలును సన్నటి ధారగా వంచుతున్నాడు. కొంతసేపు బుద్ధిగానే దిగింది. తర్వాత లోపల ఎక్కడో గుడగుడమంది, ట్యాంకు పెద్ద త్రేనుపు త్రేన్చింది, పోసిందాంట్లో సగం గరాటాలోకి ఎగదన్నింది. నాలుగు చుక్కలు అతని మీసం మీద పడ్డాయి. అతను మీసం తుడుచుకోలేదు. డబ్బా కింద పెట్టి, గరాటాలో నిలిచిన పెట్రోలు మెల్లమెల్లగా దిగడాన్ని రెప్ప వేయకుండా చూశాడు.

"పూర్తిగా మూసుకుపోలేదు," అన్నాడు. "ఎక్కడో చిన్న సందుంది."

ఆ రెండు ముక్కలకే అలసట వచ్చింది. వ్యాను తలుపు పట్టుకుని, ఈల వేయబోయేవాడిలా పెదవులు సున్నా చుట్టి, లోపలి గాలిని కాస్త కాస్తగా వదిలాడు. అలా వదలమని డాక్టరు నేర్పాడు. మేస్త్రికి పీల్చడం కష్టం కాదట, వదలడం కష్టమట. పాత గాలి బయటికి పోకుండా గుండెల్లో తిష్ట వేసుకుంటే కొత్త గాలికి చోటెక్కడిదని ఆయన బొమ్మ గీసి మరీ చూపించాడు. మేస్త్రి ఆ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇది మా ట్యాంకు బొమ్మే కదండీ అన్నాడు. డాక్టరు నవ్వాడు. పక్కనే ఉన్న భార్య మాత్రం నవ్వలేదు.

వ్యాను బావమరిదిది. భార్యకు ఒక్కడే తమ్ముడు, మనిషి బంగారం, నోరు మాత్రం చెవిలో జోరీగ. మూత్రపిండాలు పాడైనవాళ్ళను రోజు విడిచి రోజు తెల్లవారుజామున ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, దూరంగా ఉన్న పెద్దాసుపత్రిలో దింపి, రక్తం శుభ్రం చేయించుకున్నాక మళ్ళీ ఇళ్ళకు చేరుస్తాడు. అదే అతని బతుకు. కొన్నాళ్ళుగా ఆ వ్యాను బంకులో పెట్రోలు తాగడం మానేసింది. నాజిల్ పెట్టగానే టక్కుమని ఆగుతుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ టక్. వెనకాల బళ్ళు హారన్లు మోగిస్తాయి, బంకు కుర్రాడు విసుక్కుంటాడు, ఇతను మొహమాటపడి సగం ట్యాంకుతో బయటపడతాడు. మొన్న అలాగే బయల్దేరి, ఊళ్ళూ బంకులూ లేని రోడ్డు మీద ఆగిపోయాడు. లోపల ఉన్నవాళ్ళు ఎండలో కూర్చుని, ఎవరో డబ్బాతో తెచ్చి పోసేదాకా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆసుపత్రివాళ్ళు అతన్ని పిలిచి, మళ్ళీ ఇలా జరిగితే ఇంకో బండిని చూసుకుంటామని మర్యాదగానే చెప్పారు.

ఒక గ్యారేజీలో మూత మార్చారు. ఇంకోచోట బండిలో లోపమేం లేదు, బంకు నాజిళ్ళే అంత అన్నారు. రేపు తెల్లవారితే మళ్ళీ ట్రిప్పు. అందుకే ఈ ఉదయం బావమరిది మొహం వేలాడేసుకుని బావ షెడ్డుకు వచ్చాడు.

షెడ్డు నిజానికి మూసేసినట్టే. మేస్త్రి ఆసుపత్రిలో పడి లేచిన దగ్గర్నుంచి తాళంచెవి భార్య దగ్గరుంటోంది. ఇవాళ పాత కుర్చీ ఒకటి తెచ్చుకుంటానని చెప్పి తాళంచెవి అడిగి తీసుకున్నాడు. ఆమె కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే ఇచ్చింది. కుర్చీ కోసం ఎవరూ చొక్కా చేతులు పైకి మడుచుకుని వెళ్ళరని ఆమెకు తెలియదా!

"నీ బండికీ నాకూ ఒకటే జబ్బు," అన్నాడు మేస్త్రి బావమరిదితో. "లోపలి గాలి బయటికి పోవట్లేదు."

ట్యాంకులోకి పెట్రోలు దిగాలంటే అందులోని గాలి లేచి బయటికి రావాలి. దాని కోసం పక్కనే వేరే సన్నగొట్టం ఉంటుంది. అది మూసుకుపోతే పోసిన పెట్రోలు పైకి తన్నుకొచ్చి నాజిల్ మూతిని తాకుతుంది. ట్యాంకు నిండిందనుకుని నాజిల్ ఆగిపోతుంది. ఇంతవరకూ మేస్త్రికి గరాటా దగ్గరే తేలిపోయింది. తేలనిదల్లా ఒకటే, ఆ గొట్టం ఎక్కడ మూసుకుపోయింది, దేనితో మూసుకుపోయింది.

"ఈ మధ్య బండిలో ఏం పాడుచేశావు?" అని అడిగాడు.

"నేనేం పాడుచేస్తాను బావా? కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నా."

మేస్త్రి గోడ వైపు నడిచాడు. మేకుకు ఒక నల్లటి రబ్బరుగొట్టం వేలాడుతోంది. ఒక చివర చుట్టిన టేపు మీద అతని పళ్ళగాట్లు. షెడ్డుకు వచ్చేవాళ్ళంతా దాన్ని ఊదుగొట్టం అని వెక్కిరించేవారు. మేస్త్రి ఏ గొట్టాన్నయినా నోటితో ఊది చూసేవాడు. కంప్రెసరు మూలన దుప్పటి కప్పుకుని పడి ఉండేది. అది బలం కొద్దీ తోస్తుంది గానీ అవతల ఏమడ్డం పడిందో చెప్పదని అతని వాదన. నోటికైతే తెలుస్తుంది. మట్టయితే ఒకలా, తుప్పయితే ఒకలా, గొట్టం మడతపడితే ఇంకోలా ఎదురు నెడుతుంది. ఆ పద్ధతి తోటి మేస్త్రులకు పాతచింతకాయ పచ్చడిలా కనిపించేది. అతనికి ఏమీ అనిపించేది కాదు, బళ్ళు బాగయ్యేవి.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. విప్పిన గొట్టం నోరు ఒక్క క్షణం కూడా తెరిచి ఉండకూడదు, దుమ్ము పోతుంది. దాని కోసం భార్య మిషను దగ్గర మిగిలిన పీలికలతో బొటనవేలంత బిరడాలు కుట్టి ఇచ్చేది. పనిలో మరిచిపోయి లోపలే వదిలేస్తాడని, ప్రతి బిరడాకూ ఒక పొడవాటి ఎర్రదారం తోక పెట్టేది. బల్ల మీది డబ్బాలో ఇప్పటికీ గుప్పెడు బిరడాలున్నాయి.

"బావా, అది వద్దు," అన్నాడు బావమరిది. "అక్కకు తెలిస్తే నా వీపు విమానం మోత మోగుతుంది."

"తెలియనివ్వకు. బండి కిందికి దూరు."

వ్యాను వెనక భాగాన్ని జాకీ మీద లేపారు. ట్యాంకు దగ్గర గాలిగొట్టం కీలు విప్పి మేస్త్రి తన ఊదుగొట్టం తగిలించాడు. ఆ సన్నగొట్టం చక్రం వెనకగా పైకెక్కి, అడుగున ఉన్న ఇనుప దూలంలోకి దూరి మాయమైంది. దాని అవతలి కొస ఎక్కడ తేలుతుందో బావమరిదికి కనిపించలేదు. దూలానికి చెవి ఆనించి పడుకున్నాడు.

మేస్త్రి ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి.

కింది నుంచి ఏమీ లేదని జవాబు వచ్చింది.

చాలాసేపు తలుపు పట్టుకుని నిలబడి, మళ్ళీ ఊదాడు. మళ్ళీ ఏమీ లేదు. అప్పుడు అతనికి భయం వేసింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ రాని అనుమానం వచ్చింది. అడ్డం ఉన్నది బండి గొట్టంలోనా, తన గొంతులోనా? అవతలికి గాలి రాకపోవడం గొట్టం తప్పు కాకుండా తన ఊపిరి తప్పయితే? కొలిచే చేతికే వణుకు పుడితే కొలత ఎలా నమ్మడం? చెప్పుకోలేనంత సిగ్గుగా కూడా అనిపించింది. ఇంకొకరైతే అక్కడితో చేతులెత్తేసి ఇంటికి పోయి పడుకునేవారు. ఇతనిది ఉడుంపట్టు.

"బకెట్టుతో నీళ్ళు తే," అన్నాడు.

ఊదుగొట్టాన్ని బండి నుంచి విప్పి, దాని కొసను నీళ్ళలో ముంచి ఊదాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక బుడగ, వెంటనే ఇంకొకటి, ఆపైన చిన్న గుంపు. పెద్ద గొప్ప బుడగలేం కావు గానీ బుడగలే. మేస్త్రి వాటిని చూసి, బళ్ళో తన పేరు పిలిస్తే పొంగిపోయే పిల్లాడిలా వెలిగిపోయాడు. తన ఊపిరికి ఈమాత్రం సత్తువుంది. అంటే అడ్డం బండిలోనే ఉంది.

ఆ సంతోషంలో గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు వినిపించలేదు. తల తిప్పేసరికి భార్య భోజనం క్యారియరుతో నిలబడి ఉంది. గొట్టం ఇంకా అతని నోట్లోనే ఉంది. వ్యాను కింద బావమరిది కాళ్ళు చప్పున లోపలికి ముడుచుకున్నాయి.

ఆమె కేకలేయలేదు. క్యారియరు బల్ల మీద పెట్టింది. బకెట్టులో ఇంకా తిరుగుతున్న నురగను చూసింది, భర్త పెదవుల నీలాన్ని చూసింది. ఆమెకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. రెండింటినీ మింగేసింది.

"దొరికిందా?" అంది.

అతను అడ్డంగా తలూపాడు.

"ఇలా ఇవ్వండి."

అతను ఇవ్వలేదు. ఆమే అతని నోట్లోంచి లాక్కుని, టేపును చేతిగుడ్డతో తుడిచింది. ఈ గొట్టం మీద ఎన్నిసార్లు పోట్లాడిందో గానీ, దాన్ని నోట పెట్టుకోవడం ఇదే మొదలు. మేస్త్రి రెండో కొసను మళ్ళీ బండికి తగిలించాడు. ఆమె గట్టిగా ఊదింది. ఆపింది. ఈసారి మెల్లగా ఊది, ఏదో వింటున్నదానిలా కళ్ళు మూసుకుంది.

"ఎలా ఉంది?" అని అడిగాడు మేస్త్రి. ఆ అడగడంలో తోటి పనివాడిని అడిగే గౌరవం ఉంది.

"కొంచెం లొంగి, మళ్ళీ మెత్తగా వెనక్కి నెడుతోంది. మట్టి కాదండీ. గుడ్డ."

"గుడ్డెలా అవుతుంది?"

"రోజంతా గుడ్డతోనే కదా నా బతుకు. తడిసిన గుడ్డ. గట్టిగా కుక్కి ఉంది."

వ్యాను కింద చడీచప్పుడూ లేదు. అంతసేపు వాగిన మనిషి కుక్కిన పేనులా పడి ఉన్నాడు. అక్కకు అనుమానం వచ్చి వంగి చూసింది.

"ఏరా?"

అతను పాకుతూ బయటికి వచ్చి కూర్చుని నాలుక కరుచుకున్నాడు. బావ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వానలకు ముందు, అడుగు తుప్పు పట్టకుండా ఈ షెడ్డులోనే నల్లపూత వేశాడట. బావ నేర్పిన పద్ధతి ప్రకారం పూత లోపలికి పోకుండా తెరిచి ఉన్న ప్రతి గొట్టం నోట్లోనూ అక్క కుట్టిన బిరడా పెట్టాడట. పని అయ్యాక ఎర్రతోకలు చూసుకుని అన్నీ పీకేశాడట. ఒకదాని తోక మాత్రం మాటిమాటికీ కుంచెకు అంటుకుంటోందని, ముందే కత్తిరించేశాడు. దాని మీద కూడా నల్లపూత పడి, అది దూలంలో దూలమై కూర్చుంది.

"మరి అడిగినప్పుడు చెప్పలేదేం?" అన్నాడు మేస్త్రి.

"నువ్వు ఏం పాడుచేశావని అడిగావు బావా. పూత వేయడం పాడుచేయడమా?"

మేస్త్రి నవ్వాడు. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. దగ్గొస్తుందేమోనని భార్య వీపు మీద చెయ్యి వేసింది. ఆమెకూ నవ్వాగలేదు.

ఎక్కడ వెతకాలో తెలిశాక పని ఎంతసేపు? పొడుగుముక్కు పటకారుతో దూలం కొసలోని నల్లటి బుడిపెను పట్టి లాగితే, పెట్రోలు తాగి ఉబ్బిన బిరడా ఊడివచ్చింది. ఆమె దాన్ని తిప్పి చూసి తన కుట్టును గుర్తుపట్టింది. ఇన్నాళ్ళు నానినా ఒక్క పోగు ఊడలేదు. అందుకు గర్వపడాలో సిగ్గుపడాలో తెలియక కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసింది.

సాయంత్రం బంకుకు మేస్త్రి వెళ్ళలేదు. పొద్దుటి అలసట ఇంకా తీరలేదు. తన బదులు భార్యను పంపాడు.

"వాడు కంగారు మనిషి. నువ్వు పక్కన నిలబడి విను," అన్నాడు.

ఆమె వెళ్ళి, ట్యాంకు పక్కన నిలబడి, వినడమే పనిగా వింది. తిరిగి వచ్చేసరికి మేస్త్రి షెడ్డు గుమ్మంలో, పొద్దున తెచ్చుకుంటానన్న ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు.

"ఎన్నిసార్లు ఆగింది?"

"ఒక్కసారే. నిండాక."

"గాలి?"

"చక్రం వెనక నుంచి వచ్చింది. నా పాదాలకు చల్లగా తగిలింది."

అతను తల ఆడించాడు. ఇంకా ఏదో అడుగుతాడనుకుంది గానీ అడగలేదు. కాసేపు ఇక్కడే కూర్చుంటానన్నాడు. ఆమె షెడ్డు వెనకున్న ఇంట్లోకి వెళ్ళి దీపం వేసి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అన్నం ఉడికాక పిలిచింది. పలకలేదు. వచ్చి చూస్తే తల పక్కకు వాల్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆమె వేళ్ళ వెనక వైపును అతని పెదవుల దగ్గర పెట్టింది. బంకులో పాదాలు కదపకుండా నిలబడ్డట్టే, చెయ్యి కదపకుండా చాలాసేపు నిలబడింది. గాలి తగలలేదు.

తమ్ముడు వచ్చాడు, ఏడ్చాడు, ఇరుగుపొరుగు వచ్చారు. తెల్లవారుజామున అతను గోడకు ఆనుకుని తలవంచుకుని కూర్చుని ఉంటే, అక్క వచ్చి ఎదురుగా నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"టైమైంది. లేరా."

"ఎలా వెళ్ళనక్కా?"

"వాళ్ళు గుమ్మాల్లో కూర్చుని నీ కోసం చూస్తుంటారు. ఒక్క రోజు తప్పితే వాళ్ళ ఒంట్లో ఏమవుతుందో నీకు తెలుసు. ట్యాంకు నింపించింది ఎందుకు? దింపి రా. మీ బావ ఎక్కడికీ పోడు."

అతను లేచాడు. తాళం ఒక్కసారి తిప్పగానే వ్యాను స్టార్టయి, మలుపు తిరిగిపోయింది. ఆ చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఆమె గుమ్మంలోనే ఉంది. తర్వాత షెడ్డులోకి వెళ్ళింది. బకెట్టులోని నీళ్ళు పారబోసింది. జాకీని గోడ వారకు జరిపింది. నేల మీద పడి ఉన్న ఊదుగొట్టాన్ని చుట్టి మేకుకు తగిలించి, రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి డబ్బాలోంచి ఒక బిరడా తీసింది. తోక గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

ఆమె తలుపు దగ్గరకు వేసి వెళ్ళాక, మేకుకు వేలాడుతున్న గొట్టం నోటికి, పళ్ళగాట్లున్న టేపు మీదుగా, ఎర్రదారం ఎవరికైనా కనిపించేంత పొడవుగా కిందికి దిగి ఉంది.